రాజవైద్యుడి నాటకంలో మా చిన్నమ్మ గొంగడి

మా చిన్నమ్మ గొంగడి కప్పుకొని, నాటకంలోని మంత్రసాని రాణి కన్న పసికందుకు విషం పట్టి చంపింది. తాండూరు సగం ఊరు చూసింది. ఆ గొంగడి ఎవరిదో మైకులో చెప్పి మరీ చంపారు. మర్నాటి నుంచి మా చిన్నమ్మను పురుటికి పిలిచిన ఇల్లు లేదు.

అన్యాయం అని అప్పుడే అన్నాను. ఇప్పుడూ అదే అంటున్నాను, వయసు మీద పడింది కదా అని మాట మార్చుకోను.

ఇంతకాలానికి ఇది ఎందుకు కదిలిందంటే, మా మనవరాలు ఫోనులో కొరియా దేశపు సీరియల్ ఒకటి చూస్తోంది. పాతకాలం రాజులు, అంతఃపురం, రాజవైద్యులు. వైద్యుడు తెరకు ఇవతల కూర్చుంటాడు, అవతల ఉన్న రాణి మణికట్టుకు దారం కట్టి, ఆ దారం కొస పట్టుకొని నాడి చూస్తాడు. దాని కింద ఎక్కడెక్కడి జనమో అభిప్రాయాలు రాస్తున్నారు. ఒకరు వైద్యుడిని ఆకాశానికెత్తారు, ఇంకొకరు వంటింటి దాసికి అన్యాయం చేశారని తగువు పెట్టుకున్నారు. మనవరాలు అన్నీ చదివి వినిపించి, "నువ్వేమంటవ్ తాతా?" అంది. నేను ఆ దారం నాడి డెబ్బైలలోనే చూశాను, తాండూరు సంత మైదానంలో, డేరా కింద. అభిప్రాయం కూడా చెప్పాను. మీకు బొటనవేలు కదిపితే చాలు. నాకు రైలెక్కాల్సి వచ్చింది.

అప్పుడు నేను బండల పాలిష్ కార్ఖానాలో పనిచేసేవాణ్ణి. బడి మొహం చూసినవాణ్ణి కాదు. గ్రంథాలయంలో పేపరు చదివేవాళ్ళ భుజాల వెనక నిలబడి అక్షరాలు పోగేసుకున్నాను. కొందరు విసుక్కొని పేపరు మడిచేసేవారు. మడిచినప్పుడు పైకి కనబడే ముక్కే చదివేవాణ్ణి.

మా అమ్మ పోయాక నన్ను సాకింది చిన్నమ్మ. మా వాళ్ళది బంట్వారం దిక్కు, గొర్ల కాపరులు. పెళ్ళయి తాండూరు వచ్చిన చిన్నమ్మ, మొగుడు పోయాక మంత్రసాని పని పట్టింది. ఆమె గొంగడి వాళ్ళ నాయన సొంత మంద ఉన్నితో నేయించి ఇచ్చింది. నల్లది, అంచున తెల్ల చార. ఒక మూల కుంపటి నిప్పురవ్వ పడి కాలితే ఎర్ర దారంతో రఫూ చేసుకుంది. పురుడు పోశాక ఆ గొంగడి పరిచి, తల్లిని దాని మీద కూర్చోబెట్టి, బిడ్డను ఒడిలో పెట్టేది. తాండూరులో చాలామంది ఆడవాళ్ళు తమ తొలిచూలు మొహం ఆ గొంగడి మీద కూర్చునే చూశారు. హిందువుల ఇళ్ళలోనూ, తురకల ఇళ్ళలోనూ ఆ ఎర్ర మూల ఎరగనివాళ్ళు లేరు.

కోస్తా నుంచి ఒక నాటకాల కంపెనీ వచ్చింది. రాజవైద్యుడి కథ. ఒక్క రాత్రితో అయిపోదు, రోజుకొక భాగం ఆడతారు. ప్రతి రాత్రీ వైద్యుడి మెడ మీద కత్తి ఉండగానే తెర పడేది. ఇంక చూడండి, పొద్దున కార్ఖానాలో రంపం మోతను మించి అభిప్రాయాలు. వైద్యుడు బతుకుతాడని కొందరు, రాజు మూర్ఖుడు గనుక బతకడని కొందరు. మా మేస్త్రి రాజు పక్షం. కంపెనీ యజమానే వైద్యుడి వేషం వేసేవాడు. పగలు ఆయన టీ కొట్టుకు వస్తే జనం వరసగా చెయ్యి చాపేవారు, జర నాడి చూడమని. నవ్వుకుంటూ చూసేవాడు కూడా. ఒకరికి వాతం అనేవాడు, ఒకరికి పైత్యం.

ఆ కంపెనీకి ఒక పద్ధతి ఉండేది. తెరలు, కిరీటాలు, కత్తులు తమతో తెచ్చుకునేవారు. మంచాలు, ఊయలలు, బిందెలు మాత్రం ఊళ్ళో ఇళ్ళ నుంచి అడిగి తీసుకునేవారు. ఇచ్చిన ఇంటికి ముందు వరసలో చోటు. ఆట మధ్యలో మైకులో కృతజ్ఞతలు. తమ బిందె పేరు మైకులో వినడానికి జనం ఎగబడి ఇచ్చేవారు. మా గోడ మీద ఆరేసిన గొంగడి చూసి కంపెనీవాళ్ళు అడిగితే, చిన్నమ్మ ఏ వేషానికి అని అడగకుండానే ఇచ్చింది. పైగా ఉతికి ఇచ్చింది.

ఆ రాత్రి మేము ముందు వరసలో కూర్చున్నాం. పరదా అవతల రాణికి నొప్పులు. వైద్యుడు ఇవతల దారం పట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. మైకులో వినబడింది, రాణిగారి పట్టెమంచం ఇచ్చినవారికి, మంత్రసాని పాత్రకు గొంగడి ఇచ్చిన ఈ ఊరి మంత్రసానిగారికి కంపెనీ తరఫున కృతజ్ఞతలని. చిన్నమ్మ కొంగు సర్దుకొని కూర్చుంది. అప్పుడు ఎర్ర మూల గొంగడి కప్పుకొని మంత్రసాని పాత్ర వచ్చింది. శత్రువులిచ్చిన బంగారు గొలుసు బొడ్లో దోపుకొని, పసికందు నోట్లో విషం పోసి నవ్వింది. డేరా అంతా ఒక్కసారిగా తిట్లు. వెనక నుంచి ఎవరో చిన్నమ్మ వైపు చెయ్యి చూపించడం నేను చూశాను.

పప్పు మిల్లు వాళ్ళ కోడలికి నెలలు నిండుతున్నాయి. చిన్నమ్మ రోజూ వెళ్ళి కడుపు తడిమి చూసి, నడుముకు నూనె రాసి వచ్చేది. మర్నాడు ఆ ఇంటి పెద్దామె, కోడలి అత్త, ఇక రావద్దని కబురు పంపింది. నాకు ఒళ్ళు మండి వెళ్ళాను. ఆమె అరుగు మీద చాటలో కందులు చెరుగుతోంది.

"పెద్దమ్మా, మా చిన్నమ్మను పురుటికి పిలుస్తరా, పిలవరా? ఒక్క మాట చెప్పుండ్రి."

ఆమె చాట ఆపలేదు. నాటకమేనని తనకూ తెలుసంది. కానీ కోడలు ఆ గొంగడి తలుచుకొని వణుకుతోందట. ఆలోచించి చెబుతానంది. ఆ ఇల్లు వద్దంటే ఇంకే ఇల్లూ రమ్మనదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

అక్కడి నుంచి నేరుగా డేరాకు పోయాను. యజమాని అద్దం ముందు కూర్చొని గడ్డం అంటించుకుంటున్నాడు. జరిగింది చెప్పాను. ఆయన తిరిగి చూడకుండానే అన్నాడు.

"చూడు తమ్ముడూ, నాటకం నాటకమే, బతుకు బతుకే. చూసేవాళ్ళకి ఆ మాత్రం తెలీదంటావా?"

"పొద్దుగాల టీ కొట్టు కాడ మా మేస్త్రికి నాడి జూసి వాతమన్నవ్. అది నాటకమా, బతుకా?"

నవ్వాడు. చప్పట్లే జనం అభిప్రాయమన్నాడు. ఒక్కడి కోసం కథ మార్చిన కంపెనీ ఎక్కడైనా ఉందా అన్నాడు. ఏం చదువుకున్నావని కూడా అడిగాడు. అది మాత్రం నేను మరిచిపోలేదు.

మైకులోనే తప్పు ఒప్పుకునేట్టు చేస్తానని ఇంటికొచ్చి ఎగిరాను. చిన్నమ్మ వద్దంది.

"మైకుల చెప్తె ఇననోళ్ళు గూడ ఇంటరు. ఊకో." మళ్ళీ తనే అంది, "నా చేతుల పిల్లలు పోలేదని నేనెన్నడన్న అన్ననా కొడుకా? పోయిన్రు. పోయిన్నాడు తల్లి పక్కన కూసొని ఏడ్చిన. గాడ గామె నా గొంగడి కప్పుకొని నవ్వింది. గది పాడుగాను, గా నవ్వు."

కంపెనీ తాండూరులో ఆట ముగించి, గొంగడితో సహా ఎవరి సామాను వాళ్ళకు తిరిగిచ్చి, వికారాబాద్‌కు మకాం మార్చింది. మేస్త్రి సెలవు లేదన్నాడు. రాజు పక్షం మనిషి కదా. నేను ప్యాసింజరు ఎక్కాను.

వికారాబాద్‌లో రైల్వే ఉద్యోగి ఇల్లాలు ఒకామె ఉండేది. ముందు తాండూరులో మా గల్లీలోనే ఉండేవారు. ఆమె పిల్లలందరికీ పురుడు పోసింది మా చిన్నమ్మే. ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాణ్ణి. నేను వెళ్ళేసరికి కంపెనీవాళ్ళు ఆమె ఇంటి పట్టెమంచం చూసి, రాణికి ఇదే కావాలని చెప్పి పోయారు. ఆమె కూడా సంబరంగానే ఉంది. నేను సంగతంతా చెప్పాను. ఆమె నాకు అన్నం పెట్టింది. నేను తింటూ ఉండగానే బుర్ఖా వేసుకొని బయటికి వెళ్ళింది. నీళ్ళ నల్లాల దగ్గర, ధాన్యం గంజ్ వెనక ఇళ్ళలో ఏం చెప్పిందో నాకు తెలియదు. చిన్నమ్మ చేతి మీదుగా పిల్లల్ని కన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకా ఉన్నారు. కానివాళ్ళకూ తమ తమ మంత్రసానులున్నారు.

పురుటి భాగం ఆడే రోజు కంపెనీవాళ్ళు బండి తోలుకొని సామాను కోసం బయలుదేరారు. ఒక ఇంట్లో ముసలాయన మంచాన పడ్డాడు, మంచం ఇవ్వలేమన్నారట. వాళ్ళు గడప దిగుతుండగా ఆ ముసలాయనే కూరగాయల సంచితో ఎదురొచ్చాడు. ఊయల అడిగితే, మా పిల్ల కాన్పుకు కావాలన్నారు ఇంకో ఇంట్లో. ఆ పిల్ల వాకిట్లో గోలీలాడుతోంది. బిందెలకు చిల్లులు పడ్డాయి, దుప్పట్లు చాకలికి పోయాయి. తాండూరులో ఎగబడి ఇచ్చారు, ఇక్కడ ఎగబడి లేదన్నారు. చివరికి యజమాని తానే ఖాలా ఇంటికి వచ్చాడు. మర్యాదకు ఆమె ఆ పట్టెమంచం మీదే కూర్చోబెట్టి, తలుపు వెనక నిలబడి మాట్లాడింది.

"గిప్పుడు నువ్వు కూసున్న మంచం మీదనె నా పిల్లలందరు పుట్టిన్రు, తాండూరు అమ్మ చేతుల. గామెను ఖూనీకోరును జేసే ఆటకు నా మంచం నడువది. ఛాయ్ తాగి పో భాయ్."

ఆయన ఛాయ్ కప్పు పట్టుకొని, మూల కూర్చున్న నన్ను చూశాడు. ఇదంతా నీ పనేనా అన్నాడు. చూసేవాళ్ళ అభిప్రాయం అన్నాను. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను, కానీ నిజంగానే అలసిపోయి ఉన్నాడు. రాత్రికి ఏం ఆడమంటావని అడిగాడు. నేను రైలు ఎక్కినప్పటి నుంచీ కూడబెట్టుకున్న మాట అప్పుడు బయటపెట్టాను.

"నీ వైద్యుడు పరదాకు ఇవతల దారం పట్టుకొని కూసున్నడు. అవతల ఏమైందో ఆయనకెట్ల తెల్సు? అవతల ఉన్నది మంత్రసాని ఒక్కతె. ఏం జరిగిందని ఆమెను ఒక్కళ్ళన్న అడిగిన్రా నీ నాటకంల?"

ఆయన కప్పు కింద పెట్టాడు. క్షమించమనలేదు, నేనూ ఆశించలేదు. "పరదా సంగతి నిజమే," అన్నాడు. లేచి వెళ్ళాడు. మధ్యాహ్నమంతా డేరాలో కొత్త మాటలు వల్లె వేయించాడు. మంత్రసాని వేషం వేసే ఆమె, ఊరూరా తిట్లు తినే బాధ తప్పిందని అందరికంటే ముందు మాటలు నోటికి పట్టేసిందట. సాయంత్రానికి ఖాలా ఇంటి పట్టెమంచం బండి ఎక్కింది. దాని వెనకే ఊయల వచ్చింది. చిల్లులు పడ్డ బిందెలన్నీ బాగై వచ్చాయి.

నేను తాండూరుకు పోయి చిన్నమ్మను సాయంత్రం రైలుకు తీసుకొచ్చాను. రానని స్టేషను దాకా అంటూనే వచ్చింది. గొంగడి కప్పుకొనే వచ్చింది. డేరా గుమ్మంలో యజమాని ఎదురొచ్చి గొంగడి అడిగాడు.

"ముందుగాల ఆట జూస్త," అంది. "మంచిగుంటె అప్పుడిస్త."

ఆడవాళ్ళ వైపు ముందు వరసలో ఖాలా పక్కన కూర్చుంది. పరదా అవతల రాణికి నొప్పులు. ఇవతల వైద్యుడు దారం పట్టుకున్నాడు. మంత్రసాని పాత్ర ఏదో పాత దుప్పటి కప్పుకొని వచ్చింది. ఈసారి విషం గిన్నె తెచ్చింది రాజుగారి బావమరిది. మంత్రసాని గిన్నె వాసన చూసి, నేల మీద ఒలకబోసి, బిడ్డను గుండెకు అదుముకొని పరదా చీల్చుకుంటూ ఇవతలికి వచ్చింది. "వైద్యా, దారం వదిలి నన్నడుగు," అంది. నా మాటే అది, కాస్త మార్చి పెట్టాడు. ఆడవాళ్ళ వైపు నుంచి లేచిన చప్పట్లు నేను ఆ తర్వాత ఏ సభలోనూ వినలేదు. బుర్ఖాలు, చీర కొంగులు అన్నీ లేచి నిలబడ్డాయి. వన్స్ మోర్ అన్నది మొదట ఖాలాయే. ఆ తర్వాత డేరా అంతా అదే మాట.

అడిగితే మళ్ళీ ఆడటం రివాజు. ఒలకబోసిన గిన్నె మళ్ళీ నింపారు, బావమరిది మళ్ళీ మీసం దువ్వాడు. అప్పుడు చిన్నమ్మ లేచింది. గొంగడి తీసి, మడిచి, స్టేజీ అంచు దగ్గరికి పోయి పైకి అందించింది. మంత్రసాని వేషం వేసిన ఆమె వంగి, రెండు చేతులతో అందుకొని కప్పుకుంది. ఎర్ర మూల ముందుకు వచ్చేట్టు కప్పుకుంది. యజమాని మైకు దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయాడు. మైకు అవసరం పడలేదు. రెండోసారి పరదా చిరిగినప్పుడు నేను ఆట చూడలేదు, చిన్నమ్మనే చూశాను. బిడ్డ తల కింద చెయ్యి ఎలా పెట్టాలో ఆ పాత్రకు చూపుడువేలితో సైగ చేస్తోంది.

పొద్దుటి ప్యాసింజరులో సగం డబ్బా ఆ నాటకం గురించే మాట్లాడుకుంది. మాకంటే ముందే కబురు తాండూరు చేరింది. మా మేస్త్రి కూడా రాజు పక్షం వదిలేశాడు. నేను పనిలో చేరి, రంపం కింద నీళ్ళు పోస్తుండగా పప్పు మిల్లు ఇంటి పెద్దామె కార్ఖానా గేటు దాకా తానే నడిచి వచ్చింది. కాళ్ళకు చెప్పులు లేవు, చేతికి ఇంకా పిండి ఉంది. నేను అడిగిన ఒక్క మాటకు జవాబు అక్కడ, అందరి ముందర చెప్పింది.

"పిలుస్తం, ఇప్పుడె రమ్మను మీ చిన్నమ్మను. గా గొంగడి మర్వకుండ తెమ్మను. అది లేకుంట కననంటున్నది మా కోడలు."