రెండు పాత సిస్టంలూ ఒక తెల్లచొక్కా

నరసరావుపేటలో నాది జాకెట్లకు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వేసే షాపు. డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ చాలా పాతది. దానికి తాళంచెవిలాంటి ముక్క ఒకటి ఉంది. అది పాతకాలపు ప్రింటర్ పోర్టులో గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. ఇప్పటి కంప్యూటర్లకు ఆ పోర్టు ఉండదు. అందుకే, గుంటూరులో ఒక డిజైన్ ఆఫీసు మూసేస్తూ అమ్మిన సిస్టంతోనే నెట్టుకొస్తున్నాను.

శ్రావణమాసం ముందు ఒక పొద్దున స్విచ్ వేయగానే కాలిన వాసన వచ్చి అది ఆగిపోయింది. రిపేరు చేసే ఆయన మూత విప్పి, పవర్ సప్లై పోయిందన్నాడు. బజారులో దొరికేది ఏదో ఒకటి తెచ్చి పెట్టమన్నాను.

"అట్టా పెట్టకూడదమ్మా. ప్లగ్గు దూరుద్ది గానీ లోపల వైర్ల వరస వేరు. బోర్డు కాలిపోద్ది. ఇదే కంపెనీ, ఇదే మోడల్‌ది ఎక్కడన్నా ఉంటే చూసుకో" అన్నాడు.

ఎక్కడుందో నాకు తెలుసు. మాచర్లలో ఫొటో స్టూడియో నడిపిన మా పెదనాన్న కొడుకు దగ్గర. గుంటూరు ఆఫీసువాళ్లు ఒకే మోడల్‌వి రెండు అమ్ముతుంటే, అన్నయ్యా నేనూ కలిసి వెళ్లి చెరొకటి కొని, ఒకే ఆటోలో బస్టాండుకు తెచ్చుకున్నాం. ఆ తర్వాత పొలం దారి విషయంలో మా నాన్నకూ పెదనాన్నకూ మాట పట్టింపు వచ్చి, గురజాల కోర్టు దాకా పోయింది. రెండిళ్ల మధ్య మాటల్లేవు. అన్నయ్య స్టూడియో మూసేశాడన్న సంగతి కూడా వేరేవాళ్లు చెబితేనే తెలిసింది.

ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"నా దాంట్లో బోర్డు పోయిందిలే. సప్లై బాగానే ఉంది, తెస్తా. కానీ నా హార్డ్ డిస్కు నీ దాంట్లో పెట్టి అందులోంచి ఒక పాత ఫొటో బయటికి తియ్యాల. మొగుణ్ణి పోగొట్టుకున్న ఒకావిడ చానా రోజుల్నుంచి నా చుట్టూ తిరగతా ఉంది" అన్నాడు.

మర్నాడు గోతంలో చుట్టిన సిస్టంతో బస్సు దిగి వచ్చాడు. టీ ఇచ్చాను. ఇంట్లోవాళ్ల గురించి నేనడగలేదు, ఆయనా అడగలేదు.

సప్లై సరిగ్గా కూర్చుంది. ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉండి, లోపలి నుంచి బీప్ బీప్‌మని కూత మొదలైంది. ర్యామ్ ముక్కల్లో కొన్ని కూడా పోయాయన్నమాట. అన్నయ్య తన దాంట్లోంచి ఒకటి తీసి, నా వాటి పక్క గాడిలో గుచ్చాడు. కూత ఆగలేదు. ఆయన తర్వాతెప్పుడో వేరే రకం కొని మార్చుకున్నాడట. గాడి ఒకటే, రకం వేరు.

"రెండు రకాలూ కలిపితే ఒప్పుకోదు. నీయన్నీ తీసెయ్, నాయే పెడదాం" అన్నాడు.

తెర వెలిగింది. నేను ముందు చూసుకున్నది సగంలో వదిలేసిన చిలకల డిజైన్. చెక్కుచెదరలేదు.

తర్వాత అన్నయ్య తన డిస్కు తగిలించాడు. బోర్డు ఒకే మోడల్ కావడంతో మాచర్లలో తెరుచుకున్నట్టే ఇక్కడా తెరుచుకుంది. వెతికి, కోటు వేసుకున్న ఒకాయన పాస్‌పోర్టు ఫొటో బయటికి తీసి, ఆవిడ ఫోనుకు పంపాడు. ఆవిడ వెంటనే ఫోన్ చేసింది. అన్నయ్య స్పీకర్ పెట్టాడు.

"కోటేంది నాయనా? ఆయన ఎన్నడూ కోటు తొడగలా. మిరప చేల్లో తిరిగే మనిషి. గోడకి పెడితే ఎవరో ఆఫీసరు మాదిరి ఉంటాడు. తీసెయ్యి."

"అది స్టూడియో కోటు పిన్నీ. తీసేస్తే కింద ఏమీ ఉండదుగా!"

"తెల్లచొక్కా ఎయ్యి. అదే ఏసుకునేవోడు."

అన్నయ్య తెల్లచొక్కా కోసం పాత ఫొటోలన్నీ తిరగేశాడు. ఒకరి మెడ సన్నం. ఇంకొకరికి వెలుగు రెండో పక్క నుంచి పడింది. ఒక ఫొటో దగ్గర చెయ్యి ఆగింది. మా నాన్నది. గొడవలు రాకముందు ఆ స్టూడియోలోనే తీయించుకున్నది. పై గుండీ దాకా పెట్టుకుని, బిగుసుకుని కూర్చున్నాడు.

"బాబాయిది సరిపోద్ది" అన్నాడు అన్నయ్య, నా వైపు చూడకుండా. "వాడనా?"

ఆ ఇస్త్రీ అమ్మది. కాలర్ మడత చూస్తే తెలుస్తుంది.

"వాడు" అన్నాను.

నా కుర్చీలో కూర్చుని చాలాసేపు పనిచేశాడు. మెడ దగ్గర నీడ కలపడానికే ఎక్కువసేపు పట్టింది. ఈలోపు నేను ఇద్దరు ఆడవాళ్లకు జాకెట్లు ఇచ్చి పంపించాను. పూర్తయ్యాక పంపితే, ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది.

"ఆఁ, ఇదీ. ఇట్టా ఉండేవోడు" అంది. ఫోను మాత్రం పెట్టలేదు. అన్నయ్య కూడా పెట్టకుండా కూర్చున్నాడు.

సప్లై, ర్యామ్ నాకే వదిలి, డిస్కు మాత్రం జేబులో వేసుకుని మాచర్ల బస్సెక్కాడు. ఆ సీజనంతా సిస్టం బాగానే నడిచింది. పొలం కేసు ఇంకా వాయిదాల్లోనే ఉంది. అన్నయ్య వచ్చి వెళ్లాడని నాన్నకు చెప్పాను. విని, పేపరు చదువుకున్నాడు. చొక్కా సంగతి మాత్రం నేను చెప్పలేదు.