కండక్టరమ్మ కోళ్ళగూడు

మా చెల్లెల్ని అందరూ కండక్టరమ్మ అంటారు. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టింది కనక ఆ పేరు దానికి న్యాయంగా వచ్చిందే. రిటైరైన మర్నాడు పొద్దున్నే మా గేటు ముందు ఆటో దిగింది. ఒక చేతిలో ఇనప్పెట్టె, భుజాన తోలుసంచి, చంకలో చిల్లులు పొడిచిన అట్టపెట్టె. ఆ అట్టపెట్టెలోంచి కిచకిచమని ఒకటే గోల.

"ఏమిటే అది?" అన్నాను.

"కోడిపిల్లలు. ఎనిమిది. మూడు వారాలవి. ఆఖరి డ్యూటీ రోజున దాణా కొట్టాయన ఇచ్చాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన బస్తాల్ని లగేజీ టిక్కెట్టు లేకుండా వదల్లేదని గౌరవమట."

"నా కోళ్ళు ఆరున్నాయి కదే. గూడు ఒకటే కదే."

"సర్దుకుంటాయిలే అక్కా."

ఈ 'సర్దుకుంటాయిలే' దాని ఊతపదం. నలభై సీట్ల బండిలో డెబ్భై మందిని ఎక్కించి, ఒక్కరి చేత కూడా తిట్టు తినకుండా దింపిన మనిషి. "లోపల చోటుంది, జరగండి" అని అది ఒక్క కేక వేస్తే, లేని చోటు ఎక్కడినుంచో పుట్టుకొచ్చేది. నేనోసారి దాని బస్సు ఎక్కాను. సొంత అక్కనని చూడకుండా టిక్కెట్టు చించి చేతిలో పెట్టింది. పెళ్ళెప్పుడే అని అమ్మ అడిగితే "వచ్చే ట్రిప్పులో" అనేది. ఆ ట్రిప్పు రాలేదు. బస్టాండు వెనక ఒక అద్దెగదిలోనే దాని సంసారమంతా గడిచింది.

ఇక నా సంగతి. నాకు ముక్కు మీద కోపమంటారు, అబద్ధమేమీ కాదు. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతున్నాను. ఉన్నదల్లా ఒక గది, ముందు మిషనూ కత్తిరింపుల బల్లా పట్టే వసారా, వెనక ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సిన వంటిల్లు. ఇంత ఇంట్లో ప్రతి గిన్నెకూ ఒక చోటు, ప్రతి సంచికీ ఒక మేకు. అవన్నీ నేను పెట్టినవే. వాటిని ఎవరైనా అంగుళం జరిపితే నాకు ఆ రోజు అన్నం సయించదు.

చెల్లెలి ఇనప్పెట్టెను కత్తిరింపుల బల్ల కిందకి తోయించాను. అల్మారాలో అర ఖాళీ చెయ్యలేదు. తోలుసంచికి మేకు చూపించలేదు. పాపం అది సంచిని తలుపు గడియకు తగిలించేది. తలుపు తీసినప్పుడల్లా సంచి దబ్బున కింద పడేది. తీసి, దులిపి, మళ్ళీ అక్కడే తగిలించేది. చూస్తూ ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

కోడిపిల్లలు వసారా మూల బల్బు కింద పెరిగాయి. కుట్టే ప్రతి జాకెట్టు మీదా వాటి నూగే. అవి పదకొండు వారాలవి అయ్యేసరికి అట్టపెట్టె మీద మూత నిలవడం మానేసింది. ఒకనాడు పొద్దున మిషను చక్రం మీద ఒకటి, నా బల్ల మీద రెండు కూర్చుని ఉన్నాయి. ఆ సాయంత్రమే చెల్లెలు ఒక మాట చెప్పింది.

"అక్కా, నా గది ఓనరు మూడు నెలలదాకా ఎవరికీ ఇవ్వనన్నాడు. ఇంకో నెల గడువుంది. వీటికి ఇక్కడ చోటు కుదిరితే ఉంటాను. లేదంటే వీటిని తీసుకుని నా గదికి నేను పోతాను. నిన్ను ఇబ్బంది పెట్టడం దేనికి?"

ఈ రెండు నెలల్లో నేను దాన్ని సాధించని రోజు లేదు. కానీ సాయంత్రం మిషను ఆపేసరికి ఎదురుగా అది కూర్చుని కాగితాల్ని టిక్కెట్ల మాదిరి సన్నగా మడిచి వేళ్ళ మధ్య దోపుకుంటూ కబుర్లు చెబుతుంటే, తొమ్మిదేళ్ళుగా నేను ఎవరితో మాట్లాడానా అనిపించేది. అది వెళ్ళిపోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఆ మాట దానితో అంటే నా పెద్దరికం ఏం కాను? "నీ ఇష్టం" అన్నాను.

పెరట్లో మా గూడు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. పైన రేకు, లోపల కోళ్ళు ఎక్కి కూర్చోడానికి ఒకే ఒక కర్ర. ఆ కర్ర మీద మధ్యచోటు మా పెద్దపెట్టది. దానికి నేను పెట్టిన పేరు పెత్తందారు. గుడ్డు పెట్టడం మానేసి ఏడాదైనా అధికారం మానలేదు.

చెల్లెలు తన అలవాటు ప్రకారం ఎనిమిదింటినీ ఒక్కసారే లోపలికి ఎక్కించింది. "జరగండి, జరగండి" అంటూ మిగతా ఆరింటినీ చేత్తో పక్కకి నెట్టింది. తలుపు వేసిన పది నిమిషాలకే లోపల రణరంగం. తీసి చూస్తే ఒక పిల్ల నెత్తి మీద తోలు ఊడి రక్తం. మరోటి మూలకి దూరి తల గోడకి ఆనించి నిలబడింది.

"నీ బస్సు కాదే ఇది, నా కోళ్ళగూడు" అన్నాను.

చెల్లెలు దెబ్బతిన్న పిల్లను పమిటలో చుట్టుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది. అక్కడి కాంపౌండరు ముసలాయన. గాయానికి ఊదారంగు మందు పూసి, మా ఇద్దరికీ అక్షింతలు వేశాడట. ఎర్రగా కనబడితే మిగతావి మళ్ళీ పొడుస్తాయని ఆ రంగు. "చిన్నవాటినీ పెద్దవాటినీ ఒక్కసారి కలిపేస్తారా ఎవరైనా? మధ్యలో జాలీ కట్టండి. మూడు వారాలు ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి. ముందు పిల్లల పని చూసుకుని, తర్వాతే పెద్దవాటి దగ్గరికి వెళ్ళండి. పెద్దవాటికి ఉన్న జబ్బు పైకి కనబడదు, పిల్లలకి అంటితే మాత్రం బతకవు. ఇంకో మాట, గుడ్లు పెట్టేవాటి దాణాలో సున్నం ఎక్కువ, అది పిల్లలకి పడదు. అన్నిటికీ పిల్లల దాణాయే పెట్టి, సున్నం కోసం గుల్లపొడి పెద్దవాటికి వేరే చిప్పలో పెట్టండి" అన్నాడట.

పాత కిటికీ జాలీ తెచ్చి గూటికి అడ్డంగా కట్టాం. చెరో మూడడుగులు. పెరటికి కూడా చెల్లెలు వంతులేసింది. ఒక అట్టముక్క మీద టైంటేబులు రాసి గూటి తలుపుకి అంటించింది: పిల్లలు ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర, పెద్దలు తొమ్మిది ముప్పావు నుంచి. వంతు మారేటప్పుడు ఈల ఊదేది. కోళ్ళకి టైంటేబులేమిటే, నవ్విపోతారని నేను ఆటపట్టించాను. నాలుగో రోజుకి ఈల వినగానే పెద్దవి ఆరూ తలుపు దగ్గర వరసగా నిలబడ్డాయి.

మూడు వారాలు గడిచాయి. పిల్లలు బాగా ఒళ్ళు చేశాయి. ఇంక భయం లేదనుకుని జాలీ తీశాం. పెత్తందారు ఒక్క గెంతులో కర్ర మధ్యకి ఎక్కింది. దాని వెంట మిగతా అయిదూ ఎక్కాయి. ఏ పిల్ల కాలు పెట్టబోయినా టక్కున ఒక పోటు. రెండు రోజులు చూశాం. ఎనిమిదీ నేలమీదే, తిండి చిప్ప దగ్గరికి రాలేక, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

చెల్లెలు అటక మీంచి అట్టపెట్టె దించి పురికొస వెతుక్కుంది. గడువు ఇంకో పది రోజులే.

అప్పుడైనా నా నోరు ఊరుకుందా? "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు ఊరికే అన్నారా" అన్నాను. నేను అన్నది కోళ్ళ గురించే. అది మాత్రం బల్ల కిందున్న తన ఇనప్పెట్టె వైపు చూసింది. ఆ చూపు చూశాక నాకు ఆ పూట సూదిలో దారం ఎక్కలేదు.

మర్నాడు పొద్దున అది గూటి ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "అక్కా, తప్పు నాదే" అంది. "నేను ఎక్కేవాళ్ళని నెట్టడమే నేర్చుకున్నాను. కూర్చున్నవాళ్ళు ఎందుకు జరగరో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ గూడు వాటిది. ఎన్ని రోజులు జాలీలోంచి చూసినా పిల్లలు వాటికి దారిన పోయేవాళ్ళే."

"అయితే ఏం చేద్దామంటావు?"

"చివరి స్టాపులో ఎంతటివాడైనా దిగాల్సిందే కదా. బండి ఊడ్చి మళ్ళీ తలుపు తీసేసరికి పాత సీటు ఎవడికీ ఉండదు. ముందు కూర్చున్నవాడిదే సీటు. నీ ఆరింటినీ అయిదు రోజులు బయట ఉంచుదాం. గూడు పిల్లలకి వదిలేద్దాం. తర్వాత పెద్దవి కొత్తగా ఎక్కుతాయి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను పెంచిన కోళ్ళు సొంత గూడు వదిలి బయటపడాలా? నిన్నగాక మొన్న వచ్చినవాటి కోసమా?"

అనేశాక ఆ మాట నా చెవికే ఏదోలా వినబడింది. చెల్లెలు తల వంచుకుని నేలమీద పుల్లతో గీతలు గీస్తోంది. "సరే, కానీ" అన్నాను.

ఆరింటినీ పెట్టడానికి కత్తిరింపుల బల్ల కిందే చోటు దొరికింది. దానికోసం ఇనప్పెట్టెను బయటికి లాగి, బల్ల చుట్టూ గూటి జాలీ కట్టాం. ఆ అయిదు రోజులూ పెట్టె గది నడిబొడ్డునే ఉంది. రోజుకి రెండుసార్లు నా కాలి బొటనవేలికి తగిలేది. తగిలినప్పుడల్లా నాకు ఒకటే కనబడేది: దాదాపు మూడు నెలలుగా మా చెల్లెలు రోజూ పొద్దున ఆ పెట్టె తాళం తీసి, ఒక జత బట్టలు తీసుకుని, మళ్ళీ తాళం వేస్తోంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు అలా చేస్తారు. బల్ల కింద మాత్రం గందరగోళం చెప్పనలవి కాదు. కొలతలివ్వడానికి వచ్చిన పంతులమ్మ కాలివేలుని పెత్తందారు జాలీలోంచి పొడిచింది. అందుకు పరిహారంగా ఆవిడ రెండు జాకెట్లు ఊరికే కుట్టించుకుని వెళ్ళింది.

ఇంతలో గూట్లో చెల్లెలు అన్నీ మార్చేసింది. కర్రను ఈ గోడనుంచి ఆ గోడకి మార్చింది. అదే ఎత్తులో రెండో కర్ర కట్టింది. ఒక తిండి చిప్ప తీసేసి, రెండు మూలల్లో రెండు పెట్టింది. మధ్యలో చిన్న రేకు నిలబెట్టింది, తరిమితే దాని వెనక దూరడానికి. పిల్లలు మొదటి రోజు బెదిరాయి. మూడో రోజుకి కర్ర మధ్యలో దర్జాగా కూర్చున్నాయి.

అయిదో రోజు పొద్దు వాలాక, కోళ్ళకి కళ్ళు మసకబారే వేళ, ఒక్కొక్కదాన్నే లోపలికి పంపాం. అన్నిటికన్నా మెతకది ముందు. పెత్తందారు ఆఖరున. దాన్ని నేనే ఎత్తుకొచ్చాను. నా చేతుల్లో దాని గుండె టకటకా కొట్టుకోవడం తెలిసింది. అంతదాకా దానికీ భయం ఉంటుందని నేననుకోలేదు. గడప మీద దింపితే మెడ చాచి అటూ ఇటూ చూసింది. దాని కర్ర అక్కడ లేదు. ఒక పిల్లని పొడిచింది. ఆ పిల్ల జానెడు జరిగింది, అంతే, దిగలేదు. పెత్తందారు కాసేపు ఆలోచించి, రెండో కర్ర చివరికి ఎక్కి రెక్కలు ముడుచుకుంది.

మేమిద్దరం గూటి ముందు గొంతుక్కూర్చుని చీకటి పడేదాకా అలాగే ఉన్నాం. పొద్దున్న తలుపు తీస్తే పద్నాలుగూ బయటికొచ్చాయి. ఒక్కదానికీ రక్తం లేదు. చెల్లెలు పమిటతో కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

"ఇంక ఉంటావుగా?" అన్నాను.

"కోళ్ళకి కుదిరింది కదా" అంది నెమ్మదిగా. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అదే సమయానికి గదిలో గాలికి తలుపు కదిలి, తోలుసంచి దబ్బున పడింది. చెల్లెలు లేచి వెళ్ళి, తీసి, దులిపి, మళ్ళీ గడియకే తగిలించింది.

ఆ రోజు బుధవారం. ఆదివారంతో గది గడువు అయిపోతుంది. నేను రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుని, తాళంచెవి దాని చేతిలో పెట్టాను.

"ఎక్కడికక్కా?"

"అన్నయ్య కొడుకు దగ్గరికి. సోమవారం వస్తాను."

"ఇప్పుడెందుకు, ఉన్నట్టుండి?"

"అయిదు రోజులు దిగుతున్నానే. ఇల్లు నీది. నీకు ఎలా కావాలో అలా సర్దుకో."

అది ఏమంటుందో వినకుండా గేటు దాటేశాను. వింటే ఏడ్చేదాన్ని. మేనల్లుడి ఇంట్లో అయిదు రోజులూ ముళ్ళ మీద కూర్చున్నట్టే గడిచాయి. ఆదివారం రాత్రంతా ఒకటే ఆలోచన. తిరిగి వెళ్ళేసరికి ఇంటికి తాళం ఉంటుందేమో, తాళంచెవి పక్కింటివాళ్ళ దగ్గర ఉంటుందేమో. అలా జరిగితే తప్పు ఎవరిదో నాకు తెలుసు.

సోమవారం గేటు తీశాను. తాళం లేదు. అయినా నమ్మకం కలగక ముందు పెరట్లోకి వెళ్ళాను. గూట్లో ఒక మూల చెల్లెలి ఇనప్పెట్టె ఉంది. మూత ఊడదీసి ఉంది, లోపల నిండా ఊక. దాన్ని గుడ్లు పెట్టే పెట్టె చేసింది. అందులో పెత్తందారు మహారాణిలా కూర్చుని, నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

ఇంట్లోకి నడిచాను. మిషను కిటికీ పక్కకి జరిగింది. వెలుతురు బాగుంది, ఇన్నేళ్ళూ నాకే తట్టలేదు. అల్మారాలో సగం దాని బట్టలు. నా మేకుకి దాని తోలుసంచి. నా చేతిసంచి ఎక్కడ తగిలించాలో తెలియక గది మధ్యలో నిలబడిపోయాను. నోటిదాకా వచ్చిన మాటను కష్టం మీద మింగాను.

వంటింట్లో టీ కాస్తున్న చప్పుడు. గడప దగ్గర ఆగి లోపలికి చూశాను. అరల్లో ఒక్క డబ్బా కూడా నేను పెట్టిన చోట లేదు.

"చక్కెర ఎక్కడ పెట్టావే?" అని అడిగాను.

మా చెల్లెలు వెనక్కి తిరిగి చూసింది. గోడవైపుకి ఒత్తిగిలి నాకు దారి ఇచ్చింది.

"చూపిస్తా, రా అక్కా. లోపల చోటుంది."

చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను.