గోడవైపు తిరిగి నిలబడ్డ సయామ

రంగూన్‌లోని పజుండౌంగ్ పేటలో మా వీధి చివర కొత్తగా ఒక సూపర్ మార్కెట్ తెరిచారు. అందులో ఏదైనా ప్రకటన చేసే ముందు స్పీకర్లలోంచి సన్నగా గంట మోగుతుంది. మొన్న సాయంత్రం నూనె ప్యాకెట్టు చేతిలో పట్టుకుని ఉండగా ఆ గంట వినపడింది. నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది. ఊపిరి బిగబట్టి, తల కొంచెం పక్కకు వంచి, రాబోయే మాట కోసం ఎదురుచూశాను. తీరా వచ్చింది సబ్బుల తగ్గింపు ధర. వెనక ఉన్న ఆవిడ బర్మీలో విసుక్కుంటే గానీ దారికి అడ్డంగా నిలబడిపోయానని తెలియలేదు. నేను పనిచేసే స్కూల్లో ఇంగ్లీషు విని అర్థం చేసుకునే పరీక్షకు ముందు అచ్చం ఇలాంటి గంటే మోగేది. ఆ గంట వెనకాలే సన్యాసమ్మ గారి గొంతు వచ్చేది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. నా చెవులు ఆ సంగతి ఇంకా ఒప్పుకున్నట్టు లేదు.

సన్యాసమ్మ గారి తాత శ్రీకాకుళం వైపు సముద్రపు పల్లె నుంచి వచ్చి రంగూన్ రేవులో బస్తాలు మోసినవాడు. ఆవిడ ఇక్కడే పుట్టి, బర్మీ బడిలో చదివి, ఇంగ్లీషు టీచరై, చివరికి లైంగ్‌థార్యార్ దారిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో పరీక్షల విభాగానికి పెద్ద అయ్యారు. ఆ స్కూల్లో ఎక్కువమంది చైనా పిల్లలు. అక్కడి బట్టల ఫ్యాక్టరీల్లో మేనేజర్లుగా, మెకానిక్కులుగా పనిచేయడానికి వచ్చినవాళ్ల బిడ్డలు. ఎవరిని ఏ సెక్షన్లో కూర్చోబెట్టాలి, ఎవరిని విదేశీ చదువుకు సిఫారసు చేయాలి అన్నది ఆవిడ పెట్టే రెండు పరీక్షల మీదే ఆధారపడేది. ఒకటి ఇంగ్లీషు విని అర్థం చేసుకోవడం, రెండోది చదివి అర్థం చేసుకోవడం. స్కూల్లో అందరికీ ఆవిడ ‘డా సన్’, అంటే బర్మీలో సన్ గారు. నాకు మాత్రం సయామ. బర్మాలో ఆడ టీచరును అలాగే పిలుస్తారు.

ఉద్యోగం కోసం వెళ్లిన రోజు ఆవిడ నా సర్టిఫికెట్లు చూడలేదు. చదివి అర్థం చేసుకునే పరీక్ష పేపరు ఒకటి చేతికిచ్చి రాయమన్నారు. చూస్తే అందులో ప్రశ్నలు, వాటి కింద నాలుగేసి జవాబులు ఉన్నాయి. చదవాల్సిన పాఠం మాత్రం లేదు.

“సయామ, పాఠం ఇవ్వడం మరిచిపోయారు” అన్నాను బర్మీలో.

ఆవిడ నా దరఖాస్తులో ఇంటిపేరు చూసి ఉంటారు, తెలుగులోకి దిగారు. “మరిసిపోనేదు నాయినా. నానే తీసీసినాను. నీకు తోసినట్టు పెట్టీ.”

తోచినట్టే పెట్టాను. ఆవిడ దిద్ది, పేపరు నా ముందుకు తోశారు. సగానికి పైగా సరైనవే.

“పాటం సదవకుండానే ఇన్నొచ్చీసినాయి. మరి ఈ పేపరు దేన్ని కొలుస్తన్నాదంటావు?”

“నా అదృష్టాన్ని” అన్నాను.

ఆవిడ పక్క గదిలోకి వినపడేటంత గట్టిగా నవ్వారు. నవ్వుతూనే ఆ పేపరును నిలువునా చింపి చెత్తబుట్టలో వేశారు. దాన్ని తయారుచేసింది ఆవిడేనని, వారాల తరబడి కూర్చుని రాశారని తర్వాత తెలిసింది. సొంత పనిని అంత తేలిగ్గా, అంత సంతోషంగా పారేసిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మర్నాటి నుంచి పనిలోకి రమ్మన్నారు.

వినే పరీక్షకు సంభాషణలు మేమే రికార్డు చేసేవాళ్లం. స్టోరు గదిలో గోడలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కారుతూ మైకు ముందు కూర్చునేవాళ్లం. మొదటిసారి నాకు టికెట్లు అమ్మేవాడి వేషం వచ్చింది. సినిమాల్లో తెల్లవాళ్లు మాట్లాడినట్టు నోరు తిప్పి మాట్లాడాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపేశారు.

“ఎవుడిదిరా ఆ గొంతు?”

“పిల్లలకి మంచి ఇంగ్లీషు వినిపించాలి కదా సయామ.”

“ఈ గుంటలు రేపొద్దున్న పినాంగ్ ఎల్తారు, సింగపూరెల్తారు. అక్కడ టికెట్లమ్మే వోడు నీనాగే మాటాడతాడు. వోడి మాట అర్దం కాకపోతే బస్సు తప్పిపోతాది. నీ గొంతుతో సెప్పు.”

నా గొంతుతో చెప్పాను. మా ఇంట్లో గంజాం నుంచి వచ్చిన తెలుగు, ఒడియా, వీధిలో నేర్చిన బర్మీ అన్నీ కలిసిన గొంతు అది. స్కూల్లో పిల్లలందరూ పెన్సిళ్లు పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఆ గొంతును వినడం మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన ధైర్యం చిన్నది కాదు.

ఆ పిల్లల్లో ఒక వింత ఉండేది. చైనాలో ఏళ్ల తరబడి ఇంగ్లీషు పాఠాలు బట్టీపట్టి వచ్చినవాళ్లు కాబట్టి చదివే పేపరును చకచకా ముగించేవాళ్లు. వినే పరీక్ష వచ్చేసరికి ముఖాలు వాడిపోయేవి. అందరిదీ అదే తీరు. లీ మే అనే అమ్మాయి ఒక్కతే దీనికి తలకిందులు. ఆమె తండ్రి ఒక ఫ్యాక్టరీలో రంగుల విభాగం చూసేవాడు. వినే పరీక్షలో ఆమెకు అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి, చదివే పరీక్షలో అందరికంటే తక్కువ. ప్రిన్సిపాల్ రెండు పేపర్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, “చదవడం రాని పిల్లకు వింటే ఎలా అర్థమవుతుంది? పక్కవాళ్లది చూసి రాసింది” అన్నాడు. అలాంటి నేరానికి ఆ స్కూల్లో శిక్ష ఒక్కటే, బయటికి పంపడం.

“పక్కవాళ్లు తప్పు రాసిన చోట కూడా ఈ పిల్ల సరిగ్గా రాసింది. మరి ఎవరిది చూసినట్టు?” అని సయామ అడిగారు.

ఆయన మెత్తబడలేదు. తన ఎదుట, తండ్రి ఎదుట, ఆ అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి మళ్లీ పరీక్ష పెట్టమన్నాడు.

ఆ రోజు నాకు బాగా గుర్తు. సయామ కొత్త సంభాషణ రాసి, ముందురోజే నాతో కలిసి రికార్డు చేశారు. ప్రశ్నలు బయటికి పొక్కకూడదని దాన్ని పరీక్షల గదిలో ఉన్న కంప్యూటరులో తప్ప ఇంకెక్కడా ఉంచలేదు. లీ మే ముందు వరుసలో కూర్చుంది. తండ్రి తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతులకు నీలిరంగు ఇంకా వదల్లేదు. గంట మోగింది, రెండు వాక్యాలు వినపడ్డాయి, కరెంటు పోయింది. జనరేటరులో డీజిలు లేదు.

నేను వాయిదా వేద్దామన్నాను. ప్రిన్సిపాల్ తల అడ్డంగా ఊపాడు. “వాయిదా వేస్తే ఈలోపల మీరు నేర్పించారని అనుకోవాల్సి వస్తుంది.”

సయామ లేచి బల్లలు దాటి వెళ్లి, గదికి ఆ చివర గోడవైపు తిరిగి నిలబడ్డారు. “నా పెదాలు కనపడితే అది వినడం కాదు” అని ఇంగ్లీషులో అన్నారు. తర్వాత ఆ సంభాషణ మొత్తం, చేతిలో కాగితం లేకుండా, మొదటి నుంచి చెప్పారు. రైలు తప్పిపోయిన ప్రయాణికురాలిగా కంగారుపడ్డారు. స్టేషను గుమాస్తాగా విసుక్కున్నారు. ఆ గుమాస్తా గొంతు నాది. నా తడబాటు, నేను మధ్యలో గొంతు సవరించుకున్న చోటు, ఏదీ వదల్లేదు. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య వదిలే ఖాళీ కూడా అంతే వదిలారు. ఉక్కపోస్తున్న ఆ గదిలో తెల్లగోడ ముందు ఒక చిన్న బూడిదరంగు ముడి, నేత రవిక, బర్మా లుంగీ మాత్రమే కనిపిస్తున్నాయి. కానీ ఒక స్టేషను మొత్తం వినిపిస్తోంది.

లీ మే అన్నీ సరిగ్గా రాసింది. ప్రిన్సిపాలే దిద్దాడు. దిద్ది, ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. ఆ అమ్మాయి తండ్రి వైపు చూసి, నెమ్మదిగా చెప్పింది. “నాన్నకు ఇంగ్లీషు రాదు. చిన్నప్పటి నుంచి బయటి దేశాల కొనుగోలుదార్లు ఫోను చేస్తే స్పీకరులో పెట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటాడు. వాళ్లు ఏమంటున్నారో నేను చైనీసులో చెబుతాను. తప్పు చెబితే బట్టకు తప్పు రంగు పడుతుంది.”

ప్రిన్సిపాల్ లేచి తండ్రికి చెయ్యి అందించాడు. అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు గోడ దగ్గర్నుంచి సయామ ఇటు తిరిగారు.

“ఈ పరీక్ష చెల్లదు” అన్నారు.

ప్రిన్సిపాల్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“రికార్డింగు కంటే నెమ్మదిగా చెప్పాను. జవాబు ఉన్న మాటల దగ్గర మరీ నెమ్మదించాను. ఈ పిల్ల గెలవాలని నాకుంది. అది నా గొంతులోకి వచ్చేసింది. రేపు కరెంటు ఉన్నప్పుడు ఇంకో రికార్డింగుతో పెడదాం.”

నాకైతే ఏ తేడా వినపడలేదు. ప్రిన్సిపాల్‌కూ వినపడలేదని ఆయన ముఖమే చెప్పింది. ఆవిడ నోరు మెదపకపోతే ఆ పిల్ల చదువు అక్కడితో గట్టెక్కేది. తండ్రి ముఖంలో రంగు పోయింది. లీ మే మాత్రం “సరే, టీచర్” అంది. తన తప్పు తానే చెప్పుకున్న మనిషిని ఇక అనుమానించలేక ప్రిన్సిపాల్ కూడా వాయిదాకు ఒప్పుకున్నాడు.

ఇంటికి వెళ్లే బస్సులో నేను ఆగలేకపోయాను. “ఎందుకలగ చేసినారు సయామ? గెలిచిపోయింది కదా. రేపు పోతే?”

“పోతే పోద్ది.” కిటికీలోంచి చూస్తూనే అన్నారు. కానీ ఒళ్లో ఉన్న చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటూనే ఉన్నాయి. “ఇయాల దాని గెలుపులో నా సాయం ఉన్నాది. రేపది తనంతట తాను గెలిస్తే, ఆ గెలుపుని ఎవులూ తియ్యనేరు. నాను కూడా.”

మర్నాడు పొద్దున్న కరెంటు ఉంది. గంట మోగింది. ఆవిడ గది బయట వరండాలో నిలబడ్డారు, లోపలికి రాలేదు. లీ మేకి ఒక్కటి తప్పింది, మిగతావన్నీ సరైనవే. నేను పరుగున వెళ్లి చెబితే, ఆ ఒక్కటి తప్పినందుకే ఆవిడ ముఖం విప్పారింది. “సూసినావా, ఇదీ పరీచ్చంటే” అన్నారు.

ఆ తర్వాత సయామ, చదివే పరీక్షలో లీ మే తప్పిన పాఠాన్ని ఆమెకు పైకి చదివి వినిపించారు. అవే ప్రశ్నలు అడిగితే ఆ అమ్మాయి దాదాపు అన్నింటికీ జవాబు చెప్పింది. భాష రాకపోవడం కాదు, అచ్చులో ఉన్న అక్షరం దగ్గర అడ్డం పడుతోంది. ప్రిన్సిపాల్ రెండు మార్కులూ కలిపి సగటు వేద్దామంటే సయామ ససేమిరా ఒప్పుకోలేదు. “సగటు వేస్తే ఈ పిల్ల ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఆమెకు కూడా” అని, రిపోర్టులో రెండూ విడివిడిగా ఉండాలని పట్టుబట్టి సాధించారు. సాయంత్రాలు లీ మేని నాకు అప్పగించారు. నేను చదువుతుంటే ఆమె వేలు గీతల కింద నడిచేది. చదువులో మొదటి వరుసకు ఎప్పుడూ రాలేదు కానీ, వెనకబడటం మాత్రం మానేసింది. ఇప్పుడు మలేషియాలో చదువుకుంటోంది.

ఆ సాయంత్రాల్లోనే ఒకరోజు సయామ మా బల్ల దగ్గర ఆగి నా వైపు చూశారు. “నీదీ ఇదే కేసు గదరా సత్తెం. తెలుగు ఇంటావు, ఓ మాదిరి మాటాడతావు. సదవగలవేటి?”

లేనని తల ఊపాను. మా ఇంట్లో నా తరం వాళ్లలో ఎవరికీ తెలుగు అక్షరం రాదు. దాన్ని మేము లోటని కూడా అనుకోలేదు. ఆదివారాలు వాళ్లింటికి రమ్మన్నారు. ఆవిడకు వాళ్ల నాన్న నేర్పారట. విశాఖపట్నం నుంచి ఎవరో తెచ్చిన పిల్లల కథల పుస్తకం ఆవిడ పైకి చదివేవారు, నా వేలు గీత కింద నడిచేది. చిన్నప్పటి నుంచి మా అమ్మ నోట విన్న మాటలు అక్షరాల్లో ఎదురైనప్పుడల్లా, రోజూ చూసే మనిషిని మొదటిసారి వెలుతురులో చూసినట్టు ఉండేది. ఇప్పుడు ఇది తెలుగులో రాస్తున్నానంటే ఆ ఆదివారాల వల్లే.

ఆవిడ కిందటి వానాకాలంలో నిద్రలోనే పోయారు. ఆ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. ప్రతి కొత్త పేపరునూ ముందు పాఠం తీసేసి మా టీచర్లకు ఇస్తాను. రిపోర్టుల్లో రెండు మార్కులు విడివిడిగానే వెళుతున్నాయి. అవి ఆవిడ నేర్పిన పద్ధతులు. ఎవరైనా నేర్చుకోగలరు.

నేర్చుకోలేనిది ఒకటుంది. ఈమధ్య ఒక కొత్త పిల్లవాడు వచ్చాడు. చైనా నుంచి వచ్చి ఎంతో కాలం కాలేదు. వినే పరీక్ష అంటే వణికిపోతాడు, అయినా మానకుండా వస్తాడు. వాడు రాయబోయే పరీక్షకు పోయిన వారం నేనే ఒక సంభాషణ రికార్డు చేశాను. అంతా సాఫీగా వచ్చిందనుకున్నాను. వెనక్కి తిప్పి వింటే, జవాబు ఉన్న ప్రతి మాట దగ్గరా నా గొంతు మెత్తబడి, నెమ్మదించి, వాడి చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. నాకు తెలియకుండానే. దాన్ని తుడిచేసి మళ్లీ చెప్పాను. రెండోసారీ కుదరలేదు. మూడోసారి మామూలు మనుషులు మాట్లాడుకునే వేగం వచ్చింది.

నా గొంతులో దూరిన ఇష్టాన్ని నాకు యంత్రం పట్టిచ్చింది. ఆవిడ కరెంటు లేని గదిలో, గోడకు ముఖం పెట్టి, ఇద్దరు మనుషులుగా మాట్లాడుతూ, ఒక పిల్ల భవిష్యత్తు తన నాలుక మీద ఆధారపడి ఉండగా, ఆ సంగతి తనంతట తానే ఎలా వినగలిగారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.