సోఫా అక్క కొత్త చాకు

ఆ వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె సోఫా అక్కే. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా నోరారా అక్కా అనే పిలుస్తారు. పాత సోఫాలు, కుర్చీలు, బస్సు సీట్లు విప్పి, లోపల కుంగిపోయిన స్పాంజి మార్చి, కొత్త గుడ్డ తొడిగి కుట్టడం ఇరవై రెండేళ్ళుగా ఆమె పని. ఆమె చేతిలో పడిన కుర్చీ మళ్ళీ పదేళ్ళదాకా షాపు గడప తొక్కదని ఆమె పనిచేసే షాపాయన వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

అలాంటి చేతికి ఏడు నెలల కిందట దెబ్బ తగిలింది. ఒక వాలుకుర్చీ మీది పాత రెక్సిన్‌ను పొడుగు చాకుతో కోస్తుంటే, ఎవరో ఎప్పుడో కొట్టి వదిలేసిన ఇనప పిన్ను లోపల అడ్డం తగిలింది. చాకు టక్కున ఆగిపోయింది, చెయ్యి ఆగలేదు. నున్నటి పిడి మీంచి ముందుకు జారి బ్లేడు మీదికి వెళ్ళిపోయింది. కుడిచేతి చిటికెనవేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు ముడిచే నరాలు తెగాయి. ఆపరేషన్ చేసి అతికించారు. గాయం మానింది కానీ ఆ మూడు వేళ్ళూ సగం దాకా ముడుచుకుని అక్కడే మొండికేశాయి. చెంచా పట్టుకోగలదు, దువ్వెన పట్టుకోగలదు. గట్టిగా బిగించి పట్టుకోవాల్సిన వస్తువేదైనా జారిపోయేది.

ఆమె భర్త ఒక ఆఫీసు క్యాంటీన్‌లో వంట చేస్తాడు. రోజంతా కత్తులతో ఆడుకునే మనిషి. ఆసుపత్రి నుంచి భార్యను తీసుకొచ్చిన రోజే ఇంట్లో ఉన్న కత్తులు, చాకులు, కత్తెరలు అన్నీ ఏరి వంటింటి అల్మరాలో పెట్టి తాళం వేశాడు. పొద్దున్నే పనికి వెళ్ళే ముందు ఆపిల్ పండును కూడా ముక్కలు చేసి డబ్బాలో పెట్టి వెళ్ళేవాడు.

"నాకు పళ్ళున్నాయి, కొరుక్కుని తింటాలే" అనేది ఆమె.

"ఉంటే ఉండనీ. ముక్కలైతే తేలిగ్గా తినొచ్చు కదా" అనేవాడు.

కంటికి రెప్పలా చూసుకునే మనిషిని ఏమని తిడుతుంది? ఆ ముక్కలు మధ్యాహ్నానికి ఎర్రబడి ఉండేవి. వాటిని చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది, ఆ తర్వాత తినేసేది.

ఒక ఆదివారం పొద్దున తమ్ముడు వచ్చాడు. అతను పార్సిళ్ళ వ్యాను నడుపుతాడు, రోజుకు వంద అట్టపెట్టెలు చూస్తాడు, పనిముట్ల పిచ్చి ఒకటి. కుర్చీలో కూర్చోకముందే జేబులోంచి చిన్న పెట్టె తీసి అక్క ముందు పెట్టాడు. అందులో మడత చాకు. మూసి ఉంటే అరచేతిలో ఇమిడిపోతుంది. తెరిస్తే చూపుడువేలంత బ్లేడు.

బావగారు ఒంటికాలి మీద లేచాడు.

"బుర్ర ఉండే చేశావా ఈ పని? మీ అక్కకి చాకా?"

"బావా, నీకు తెచ్చానా? నీకు తెస్తే తిట్టు" అన్నాడు తమ్ముడు తాపీగా. "అక్కా, ఇలా చూడు. దీన్ని ఒంటి చేత్తో తెరవచ్చు. బ్లేడుకి రెండు పక్కలా ఈ బుడిపెలున్నాయి చూశావా, ఎడమ బొటనవేలితో నెట్టినా తెరుచుకుంటుంది. ఒకసారి తెరుచుకుంటే బిగుసుకుపోతుంది, ఈ మీట నొక్కితే తప్ప మూసుకోదు. ఇంకొకటి. పిడికి ఇక్కడ గుంట ఉంది. చూపుడువేలు ఇందులో కూర్చుంటుంది. చెయ్యి ముందుకి జారమన్నా జారదు."

ఆమె చాకును ఎడమచేత్తో తీసుకుని బరువు చూసింది. బొటనవేలితో నెట్టింది. సగం దాకా వచ్చి ఆగింది. మళ్ళీ నెట్టింది. ఈసారి టక్‌మని తెరుచుకుంది. ఏడు నెలల్లో ఎవరినీ పిలవకుండా ఆమె తెరిచిన మొదటి వస్తువు అదే. బిస్కెట్ పొట్లం మొదలుకుని మందు సీసా మూత దాకా అన్నిటికీ "కాస్త ఇది తీసిపెట్టు" అనడమే అయింది ఇన్నాళ్ళూ.

"వారం రోజులు వాడి చూస్తాను. పనికిరాకపోతే నువ్వే తీసుకెళ్ళు" అంది తమ్ముడితో.

"నేను ఇంట్లో ఉన్నప్పుడే వాడాలి" అన్నాడు భర్త.

"సరే, నువ్వే పరీక్ష పెట్టు."

ఆ సాయంత్రం నుంచి నిజంగానే పరీక్ష మొదలైంది. ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. ఆమె మొదటి రోజు ఏదీ కోయలేదు, తెరవడం మూయడం మాత్రమే చేసింది. ముప్ఫైసార్లు చేసేసరికి బొటనవేలు ఎర్రబడింది. మడత దగ్గరి మర మరీ బిగుతుగా ఉందని తేల్చి, తమ్ముడికి ఫోన్ చేసి అడిగి, భర్త చేత దాన్ని పావు చుట్టు వదులు చేయించింది. కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేసింది. అప్పటినుంచి వేలికి హాయిగా ఉంది.

రెండో రోజు కవర్లు, పురికొస. మూడో రోజు అట్టపెట్టె. అట్టను వెన్నలా కోసింది చాకు. నాలుగో రోజు దోసకాయ తెచ్చుకుంది. బ్లేడు వీపు లావుగా ఉండడంతో కాయ కోతకు రాక ఫట్‌మని పగిలి, సగం ముక్క వెళ్ళి ఆయన ఒళ్ళో పడింది.

"ఇది వంటకి పనికిరాదు" అన్నాడు ఆయన, వంటవాడి ఠీవితో.

"వంట నువ్వు చేస్తావుగా. నాకు రెక్సిన్ కోస్తే చాలు."

ఆయన నవ్వకుండా ఉండాలని చూశాడు కానీ కుదరలేదు.

ఐదో రోజుకు ఒక లోపం తెలిసింది. చెమట పడితే పిడి పక్కలు నున్నగా తగులుతున్నాయి. పాత రెక్సిన్ ముక్కలు రెండు కత్తిరించమని భర్తను అడిగి, గరుకు వైపు పైకి వచ్చేలా రెండు పక్కలా జిగురుతో అంటించింది. పట్టు కుదిరింది.

ఇక మిగిలింది ఒక్కటే. చాకును ఎక్కడ పెట్టుకోవాలి? తమ్ముడికేం, ప్యాంటు జేబుకు క్లిప్పు తగిలించుకుని తిరుగుతాడు. ఆమె పనికి వేసుకునే పొడుగు చొక్కాలకు జేబుల్లేవు. నడుము దగ్గర దోపుకుంటే వంగినప్పుడల్లా కింద పడింది. చేతిసంచీలో వేసుకుంటే తాళాలు, మందుల చీటీలు, జేబురుమాళ్ళ మధ్య వెతుక్కునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. జేబు కుట్టుకోవాల్సిందే.

ఆడవాళ్ళ బట్టలకు జేబులు పెట్టనివాళ్ళను నాలుగు తిట్టుకుని, ఆరో రోజు మధ్యాహ్నం భర్త ఇంట్లో లేనప్పుడు కుట్టుమిషన్ మీది దుప్పటి తీసింది. ఏడు నెలల దుమ్ము. సీటు గుడ్డల్లో మిగిలిన నీలిరంగు మందపు ముక్క ఒకటి వెతికి, కొత్త చాకుతోనే కొలతకు కోసింది. కుడిచేతిని బరువుగా మోపి గుడ్డను అదిమింది, ఎడమచేత్తో తిప్పింది. సూదిలో దారం ఎక్కించడానికే అరగంట పట్టింది. కుట్టు వంకరపోయింది. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ వంకరపోయింది, కానీ ఈసారి తక్కువ. రెండున్నర గంటలకు చొక్కా ఎడమ పక్కన నీలిరంగు జేబు నిలబడింది. ఒకప్పుడు ఆ జేబును ఆమె నాలుగు నిమిషాల్లో కుట్టి పారేసేది. ఆ సంగతి గుర్తొచ్చినా ఎందుకో ఏడుపు రాలేదు.

అంతలో భర్త వచ్చాడు. మిషన్ తెరిచి ఉండడం, కింద గుడ్డముక్కలు, పక్కన చాకు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇక కేకలేస్తాడనుకుని ఆమె సిద్ధంగా కూర్చుంది. ఆయన దగ్గరికొచ్చి, చొక్కా తీసుకుని, కుట్టు మీద వేలితో రాసి చూశాడు. తర్వాత పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆ రోజు నేను ఫోన్ చెయ్యకపోయి ఉంటే..." అన్నాడు.

"ఏ రోజు?"

"చెయ్యి తెగిన రోజు. టార్చిలైటు బ్యాటరీలు ఎక్కడున్నాయని ఫోన్ చేశాను. నువ్వు నవ్వుతూ మాట్లాడావు. పావుగంటలో షాపాయన ఫోన్ చేసి ఆసుపత్రికి రమ్మన్నాడు. ముష్టి బ్యాటరీల కోసం నీ చెయ్యి తీసేశాను."

తాళం వేసిన అల్మరా, ఆపిల్ ముక్కలు, ఎదురుగా వేసుకున్న కుర్చీ అన్నీ ఆమెకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆ రోజు గురించి ఎత్తితే ఆమె బాధపడుతుందని ఆయన, ఆయన కంగారుపడతాడని ఆమె, ఏడు నెలలుగా ఇద్దరూ నోరు మెదపలేదు.

"పిచ్చి మనిషీ" అంది మెల్లగా. "నువ్వు ఫోన్ పెట్టేశాక నేను మంచినీళ్ళు తాగాను. గుడ్డ కొలుచుకున్నాను. ఆ తర్వాత కోయడం మొదలుపెట్టాను. పిన్ను లోపలుంది, నాకు కనబడలేదు, అంతే. ఫోన్‌కీ దానికీ సంబంధమే లేదు."

"నిజంగానా? నా మనసు కోసం అంటున్నావా?"

"నీ మనసు కోసం అబద్ధమాడాలంటే నువ్వు చేసే పులుసు బాగుందని చెప్తాను."

ఆయన నవ్వబోయి, మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఆమె పక్కకు జరిగి, సగమే ముడిచే ఆ కుడిచేతిని ఆయన వీపు మీద వేసింది. కాసేపటికి ఆయన లేచి ముక్కు తుడుచుకుని, అల్మరా తాళం తీసి కత్తులన్నీ ఎప్పటి చోట్ల పెట్టేశాడు.

మర్నాడే ఆమె కొత్త జేబులో చాకు వేసుకుని షాపుకు వెళ్ళింది. అక్కడ ఆమె స్థానంలో ఒకాయన చేరి ఉన్నాడు, ముప్ఫై దాటినవాడు, కుట్టు చక్కగా కుడతాడు. షాపు నిండా ఎర్ర సీట్లు గుట్టలు పడి ఉన్నాయి. ఊళ్ళో పాత సినిమాహాలు బాగుచేస్తున్నారట, నూటాయాభై సీట్లు. అన్నిటి గుడ్డా విప్పడానికే తీరిక లేక షాపాయన జుట్టు పీక్కుంటున్నాడు.

"ఒక సీటు ఇవ్వండి, చూస్తాను" అంది ఆమె.

"చెయ్యి..." అన్నాడు షాపాయన.

"ఇంకోటి ఉంది కదా."

బల్ల ముందు నిలబడింది. కొత్తాయన, షాపాయన ఇద్దరూ పని చేస్తున్నట్టు నటిస్తూ ఆమెనే చూస్తున్నారు. షాపాయన పేపరు తలకిందులుగా పట్టుకున్నాడు. ఆమె కోసే ముందు గుడ్డంతా అరచేత్తో తడిమింది. ఎక్కడ గట్టిగా తగిలిందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టింది. పూర్వం ఆమె ఇలా తడిమేది కాదు, అనుభవం మీద ధీమాతో దూసుకుపోయేది. చాకు తెరిచి, కుట్టు వెంట తనకు దూరంగా కోసుకుంటూ వెళ్ళింది. సుద్ద గుర్తు దగ్గర ఆగింది. చాకు మూసి జేబులో వేసుకుని, పట్టకారుతో పిన్ను లాగేసి, మళ్ళీ చాకు తీసింది.

మొదటి సీటు నలభై నిమిషాలు పట్టింది. ఒకప్పుడు పది పట్టేది. రెండోది ముప్ఫై ఐదు. మధ్యాహ్నానికి ఐదు సీట్లు ఒలిచిపెట్టింది, ఐదింటి గుడ్డా ఎక్కడా చిరగలేదు. కొత్తాయన వచ్చి ఆ గుడ్డలు ఎత్తి చూశాడు.

"అక్కా, వీటినే అచ్చుగా పెట్టి కొత్తవి కత్తిరించెయ్యొచ్చు. నేను విప్పితే పీలికలే వస్తున్నాయి."

"చేత్తో తడమకుండా కోస్తే పీలికలే వస్తాయి. రేపు చూపిస్తా" అంది. రేపు అన్న మాట తన నోట్లోంచి వచ్చాక గానీ ఆమెకే తెలియలేదు. షాపాయన విన్నాడు. రేపు ఎన్ని గంటలకని కూడా అడగలేదు, ఆమె పాత ముక్కాలిపీట తుడిచి బల్ల దగ్గర పెట్టాడు.

అలా ఒంటిపూట పనితో మొదలైంది. ఆమె విప్పుతుంది, కొలుస్తుంది, గీతలు గీస్తుంది. కొత్తాయన కుడతాడు. మూడో నెలకల్లా ఒక సీటు పద్దెనిమిది నిమిషాల్లోకి వచ్చింది. కుడిచేయి మునుపటిలా కాదని డాక్టరు చెప్పాడు, ఆమెకూ తెలుసు. అయినా మధ్యవేలు మాత్రం, ఆ చేత్తోనే పట్టకారు పట్టీ పట్టీ ఇంకాస్త ముడుచుకుంటోంది. చేతికి వ్యాయామం చేయించే అమ్మాయి అది చూసి, తను పిసకమని ఇచ్చిన మెత్తటి బంతి పక్కన పడేసి పట్టకారే పట్టుకోమంది. చాకు మొన ఒకసారి స్ప్రింగుకు తగిలి ఇసుకరేణువంత విరిగింది. తమ్ముడు కొత్తది తెస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు, సానరాయి మీద తనే మొన తీర్చుకుంది.

సినిమాహాలు తెరిచిన రోజు సీట్లు చేసినవాళ్ళను మొదటి ఆటకు పిలిచారు. భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. దీపాలు ఆరిపోయిన కాసేపటికే ఆయన సీటులో వెనక్కి వాలి గుర్రుపెట్టడం మొదలుపెట్టాడు. వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. ఆమె ఆయన్ను లేపలేదు. రోజంతా పొయ్యి ముందు నిలబడి వచ్చిన మనిషికి అంత నిద్ర పట్టిందంటే సీటు బాగానే కుదిరినట్టు. తనూ వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని, బొమ్మ చూడసాగింది.