తమ్ముణ్ణి వెతికిన పడవ

అప్పలనరసమ్మకు ఫోన్‌లో బొమ్మను ఆపడం తెలియదు. అరచెయ్యి మొత్తం తెర మీద పరిచేసింది, ఎగిరిపోబోయే పిట్టను నొక్కిపెట్టినట్టు.

“నా సిన్నోడ్రా ఈడు,” అంది.

ఢిల్లీ ద్వారకలో నాలుగో అంతస్తు ఇల్లు. ఫోన్ మనవరాలు నవ్యశ్రీది. గుర్‌గావ్‌లో ఉద్యోగం చేసే ఆ పిల్ల స్నేహితులతో కలిసి వీపున సంచి తగిలించుకుని, థాయ్‌లాండ్ దీవుల మధ్య తెరచాప పడవలో తిరిగి అప్పుడే వచ్చింది. వీడియోలో చుక్కాని పట్టుకుని నవ్వుతున్న నెరిసిన గడ్డం మనిషి ఆ పడవ నడిపేవాడు.

“నానమ్మా, వో తో హమారే కెప్టెన్ హై,” అని నవ్యశ్రీ నవ్వింది.

“నవ్వకే. భుజం ఓ పక్కకి వాల్చి ఎలా నిలుసున్నాడో సూడు. మీ తాత అచ్చం అలాగే నిలుసునీవోడు.”

నవ్యశ్రీ తండ్రి ధర్మయ్య, తన తల్లి చేతికింది నుంచి ఫోన్ మెల్లగా తీసుకున్నాడు. భుజం వాలే ఉంది. తమ్ముడు సింహాచలాన్ని చివరిసారి చూసేనాటికి వాడికి ఇరవయ్యేళ్ళు. ఇరవయ్యేళ్ళ ముఖం మీద ఎండ, ఉప్పుగాలి, ఇన్ని సంవత్సరాలు పేర్చుకుంటూ పోతే ఇలాగే ఉంటుందా? ఉండవచ్చు. ఏ ముఖమైనా అలా పేర్చుకుంటే ఇలాగే ఉండవచ్చు.

శ్రీకాకుళం తీరంలో వాళ్ళ ఊరు. తండ్రిని సముద్రం తీసుకున్నాక అన్నదమ్ములిద్దరూ చెరో దిక్కుకి చూశారు. ధర్మయ్య నీళ్ళకు భయపడి పటాలంలో చేరాడు. సింహాచలం నీళ్ళ మీదికే వెళ్ళాడు. సరుకు ఓడలో కుదిరి, ఎక్కడో పరాయి రేవులో సాయంత్రం షికారుకని దిగి, మళ్ళీ ఓడ ఎక్కలేదు. చనిపోయాడని ఎవరూ చెప్పలేదు. ఉన్నాడని కూడా ఎవరూ చెప్పలేదు.

ఢిల్లీ కంటోన్మెంటుకు బదిలీ అయినప్పుడు ధర్మయ్య తల్లిని వెంట తెచ్చుకున్నాడు. పింఛను వచ్చాక ద్వారకలో ఒక అపార్ట్‌మెంట్ సొసైటీకి సెక్యూరిటీ సూపర్‌వైజరయ్యాడు. డ్యూటీకి వెళ్ళేముందు తల్లికి తనే స్నానం చేయించేవాడు, తల దువ్వేవాడు. భార్య ఉమ పోస్తానన్నా ఒప్పుకునేవాడు కాదు. వేడినీళ్ళు వీపు మీద పోస్తుంటే తల్లి కళ్ళు మూసుకుని “సిన్నోడా” అనేది. అతను దిద్దేవాడు కాదు. నీళ్ళు పోసేవాడు.

ఈ మధ్య ఆమె ఒకే మాట పట్టుకుంది. వాళ్ళలో తండ్రికి పెద్దకొడుకు తలకొరివి పెడతాడు, తల్లికి చిన్నకొడుకు.

“నాకు సిన్నోడే ఎట్టాల. నేకపోతే నానెలగెల్తాన్రా?”

ఎదురుగా ఉన్న కొడుకు ఆ మాట విని మందుబిళ్ళ చేతిలో పెట్టేవాడు.

వీడియో చూసిన రాత్రి అన్నం తింటూ అతను కూతురితో అన్నాడు, “ఆ పడవకి నాకూ ఒక టికెట్టు చెయ్యమ్మా.”

“నాన్నా, ఆర్ యూ సీరియస్? అది బ్యాక్‌ప్యాకర్స్ ట్రిప్. అందరూ నా ఏజ్ వాళ్ళే ఉంటారు. పైన డెక్ మీదే పడుకోవాలి. ఏసీ నహీఁ హై.”

“రాజస్థాన్‌లో ఇసక మీద పడుకున్నోడికి ఏసీ గురించి చెప్పకు.”

“స్విమ్మింగ్ ఆతా హై క్యా?”

ఉమ మధ్యలో అందుకుంది. “మీ నాన్నకి బకెట్లో నీళ్ళు నిండితేనే గుండె దడ. ఈత కూడానా!”

బయల్దేరేరోజు తల్లి అతని మణికట్టు పట్టుకుంది. “కాలు సూడరా ముందు. ఎడమకాలి సిటికినేలు నేదు ఆడికి. ఆల్చిప్ప కోసీలేదా? అది సూసి పిలు.”

కూతురి నీలం సంచి వీపున వేసుకుని, అరవై దాటిన ధర్మయ్య థాయ్‌లాండ్ రేవులో నిలబడ్డాడు. చుట్టూ ఇరవైల్లో పిల్లలు, ఎండకు ఎర్రబడిన భుజాలు, ఏవేవో భాషలు. పడవ ఎక్కేచోట ఒక వెదురుబుట్ట ఉంది. చెప్పులు అందులో పడెయ్యాలి; పడవలో అందరూ వట్టికాళ్ళతోనే తిరగాలి. అతను బూట్లు విప్పి వంగి బుట్టలో పెడుతుండగా, బుట్టకు అవతల రెండు పాదాలు వచ్చి ఆగాయి. ఎండలో మాడిన పాదాలు, కెప్టెన్‌వి. ఎడమపాదానికి చిటికెనవేలు ఉంది. చిన్న గోరుతో సహా, నిండుగా, ఏ అనుమానానికీ చోటివ్వకుండా ఉంది.

ధర్మయ్య వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తాడు విప్పారు. పడవ కదిలింది.

ఇక నాలుగు రోజులు. ఒక్క మనిషి కోసం పడవ వెనక్కి తిరగదు.

రెండో రోజు, వేలు పోయింది కుడికాలికేమో అనుకున్నాడు. కుడికాలూ చూశాడు. అప్పటికీ మనసు వినక, కెప్టెన్ తాడు చుడుతుండగా వెనక నుంచి “చిన్నోడా!” అని పిలిచాడు. ఆ మనిషి తలెత్తాడు. ధర్మయ్య ఒకడుగు ముందుకేశాడు. “నీళ్ళు కావాలా సార్?” అని అతను ఇంగ్లీషులో అడిగాడు. ఎవరు పిలిచినా తలెత్తే మంచితనం అది, అంతే. మలేషియాలోని పినాంగ్‌లో పుట్టాడట. ఇద్దరు కూతుళ్ళట.

చుట్టూ దీవులు. నీళ్ళలోంచి నిటారుగా లేచిన రాళ్ళ మీద పచ్చని చెట్లు, వాటి నీడలో లేత ఆకుపచ్చ నీరు. అడుగున ఇసుక మీద పడవనీడ కూడా కనిపించేంత తేటగా ఉంది. పిల్లలు కేకలు పెడుతూ దూకుతున్నారు. ధర్మయ్య తెరచాప నీడలో, లైఫ్‌జాకెట్ విప్పకుండా కూర్చున్నాడు.

స్పెయిన్ నుంచి వచ్చిన ఒక పిల్ల తడిజుట్టుతో వచ్చి, “అంకుల్, మీరు పడవకి కాపలానా?” అంది.

“అవును. ఢిల్లీలో అదే నా ఉద్యోగం,” అన్నాడు. ఆ పిల్ల పడీపడీ నవ్వింది. అతనికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడో తెగి, కళ్ళలో మిగిలింది.

ఆ సాయంత్రం గాలి పడిపోయింది. తెరచాప ఊపిరి వదిలేసి వేలాడింది. నీరు రాగిరంగు నుంచి ఊదారంగుకి మారింది. ఇన్నేళ్ళుగా ధర్మయ్య తమ్ముణ్ణి ఏదో చీకటి గదిలో, జైల్లో, రోగంలో ఊహించుకున్నాడు. అలా ఊహిస్తేనే వాడు రాకపోవడానికి కారణం దొరికేది. ఇప్పుడు మొదటిసారి వాణ్ణి ఈ వెలుగులో పెట్టి చూశాడు. ఇలాంటి ఒక సాయంత్రం, ఇలాంటి నీటి పక్కన కూర్చుని, రేపు వెళదాంలే అనుకుని ఉంటాడు. ఆ రేపు కూడా ఇంత అందంగానే వచ్చి ఉంటుంది. కోపం తెచ్చుకోవాలని చూశాడు. రాలేదు. కోపం పోయిన చోట ఏమీ మిగల్లేదు, అదే ఎక్కువ బాధించింది.

ఇంటికొచ్చేసరికి తల్లి మంచం మీద లేచి కూర్చుని ఉంది.

“సిటికినేలుందా?”

అబద్ధం చెప్పాలని విమానంలో అనుకున్నాడు. ఆ ముఖం చూశాక రాలేదు. “ఉందమ్మా. ఆడు కాదు.”

ఆమె కిటికీ వైపు తిరిగింది. కింద ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు. “మరెవుడెడతాడ్రా నాకు కొరివి?”

ధర్మయ్య మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. “నువ్వే ఎట్టు” అంటుందేమోనని ఎదురుచూశాడు. ఆ ఒక్క మాట చాలు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. అతను దుప్పటి కప్పాడు.

పొగమంచు మొదలైన రోజుల్లో ఆమె వెళ్ళిపోయింది. ఆ మాట అనకుండానే.

శ్మశానంలో పొగ, మంచు కలిసిపోయి చెట్లు కూడా కనిపించడంలేదు. జనక్‌పురి నుంచి వచ్చిన తెలుగు పురోహితుడు దర్భలు సర్దుతూ, తల ఎత్తకుండా అడిగాడు. “అమ్మగారికి చిన్నబ్బాయి ఎవరండీ?”

నవ్యశ్రీ తండ్రి వైపు చూసింది. ఉమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నేనేనండీ,” అన్నాడు ధర్మయ్య.

ఆ మాట అనేవరకు తమ్ముడు ఎక్కడో ఒకచోట ఉన్నాడు.

పురోహితుడికి ఇవేవీ తెలియవు. కుండ ధర్మయ్య భుజానికెత్తాడు. చితి చుట్టూ తిరగమన్నాడు, తిరిగాడు. నిప్పు చేతికిచ్చాడు. అందరికంటే చిన్నవాడిలా, చెప్పింది చెప్పినట్టు చేశాడు ధర్మయ్య.

“ఇక వెనక్కి చూడకుండా నడవండి,” అన్నారు ఎవరో.

నడిచాడు. మంచులో గేటు కనపడగానే అతని అడుగు దానంతటదే ఆగింది. ఒక ఆటో వచ్చి గేటు ముందు నిలిచింది. ధర్మయ్య నిలబడి చూస్తూనే ఉన్నాడు. డ్రైవరు ఒక్కడే దిగి అద్దం మీది మంచు తుడుచుకుని, మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు.