కడుపునొప్పి అని రాయకండి

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. చనిపోయినవారు ప్రభువు చేతిలో ఉంటారు, బతికినవాళ్ల మధ్య తిరగరు. ఏలూరులో మా మందిరం సండే స్కూల్లో ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు నేను చెబుతున్నది ఇదే. ఎవరికైనా గాలి సోకిందంటే ప్రార్థన చేసి, ఆ తర్వాత డాక్టరు దగ్గరకు పంపే మనిషిని. ఈ సంగతి రాయడానికి ఏడాది ఆగాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. దానికి అర్థం చెప్పడం నావల్ల కాదు.

మా పిన్ని పేరు కరుణమ్మ. మా అమ్మకు ఒక్కతే చెల్లెలు. కొల్లేటి అంచున ఉన్న ఒక ఊరికి కోడలిగా వెళ్లింది. నాకు పదకొండేళ్లప్పుడు, ఒక ఉదయం గడ్డి కోసుకురావడానికి దోనె మీద వెళ్లి తిరిగి రాలేదు. దోనె అంటే తాటిమాను తొలిచి చేసే చిన్న పడవ. మధ్యాహ్నానికి శవం దొరికింది. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. కూతురు సువార్తకు పది నెలలు. నీళ్లలో ఏం జరిగిందో చూసినవాళ్లు లేరు.

పోలీసులు వచ్చి శవాన్ని పోస్టుమార్టానికి ఏలూరు ఆసుపత్రికి పంపించారు. మర్నాడు పొద్దున్నే పేపర్లో వార్త వచ్చింది. ఆ సాయంత్రం శవం ఊరికి చేరేసరికి అక్కడి చర్చి సంఘ పెద్దలందరూ ఆ పేపరు చదివేశారు.

వార్త నాకు కంఠతా వచ్చు. ‘కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య’ అని శీర్షిక. కింద నాలుగు వరుసలు. ఊరి పేరు, భర్త పేరు, వయసు, పోలీసులు కేసు నమోదు చేసుకుని దర్యాప్తు చేస్తున్నారన్న మాట. దాని పైన నిమ్మకాయల ధరలు. పక్కన చీరల కొట్టు ప్రకటన.

అప్పటి పేపర్లు చదివినవాళ్లకు ఈ మాట గుర్తుండే ఉంటుంది. ఎవరు ప్రాణం తీసుకున్నా కడుపునొప్పే. ఇంట్లో నరకం ఉన్నా, పంట పోయినా, మనసు చెదిరిపోయినా కడుపునొప్పే. ఇంటివాళ్లు పోలీసులకు ఆ మాట చెప్పేవారు, పోలీసులు అదే రాసుకునేవారు, విలేఖరి అదే పంపేవాడు. అలా రాస్తే ఎవరి మీదా కేసు రాదు, ఎవరూ నొచ్చుకోరు. పోయిన మనిషి పేరు, ఊరు మాత్రం జిల్లా అంతా కాఫీ తాగుతూ చదివేది.

మా పిన్నికి కడుపునొప్పి లేదు. ముందురోజు అత్తగారితో మాట పట్టింపు వచ్చిందని ఊళ్లో అందరికీ తెలుసు. అందుకని పేపర్లో చూడగానే నమ్మేశారు. మూడోరోజున తుంగలో దోనె తిరగబడి దొరికింది గానీ అప్పటికి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

ఆత్మహత్య చేసుకున్నవారిని సమాధుల తోటలో పెట్టకూడదని అప్పట్లో మా పిన్ని వాళ్ల సంఘం నియమం. ఆమెను గోడ అవతల, చేపల చెరువు గట్టు పక్కన పెట్టారు. పేపరు ముక్క కత్తిరించి, ఆధారం ఉండాలని, సంఘం తీర్మానాల పుస్తకంలో అంటించారు. అన్నం మెతుకులతో అంటించారనుకుంటాను, చుట్టూ పురుగు తినేసింది. అక్షరాలు మాత్రం బాగానే ఉన్నాయి.

ఏటా సమాధుల పండుగ నాడు తోటలో ఉన్నవారందరి పేర్లూ పాస్టరు గారు పైకి చదువుతారు. సున్నం వేసిన సమాధుల మీద బంతిపూలు, కొవ్వొత్తులు పెడతారు. సువార్త ఒక్కతే గోడ అవతల నిలబడి వినేది. వాళ్లమ్మ పేరు ఎన్నడూ వచ్చేది కాదు. సువార్త ఇప్పుడు పెదవేగి దగ్గర అంగన్‌వాడీ టీచరు. తన పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. అయినా ఆ రోజు సెలవు పెట్టుకుని వెళ్లి అక్కడే నిలబడేది.

పోయినేడు వానలకు ఆ గోడ కూలిపోయింది. కొత్త గోడ కట్టాలని సంఘం నిర్ణయించింది. అవతలి గట్టును వెడల్పు చేసి చేపల లారీలకు దారి వేస్తున్నారు. గోడ పాత చోటే లేస్తే సమాధి దారి కిందకు పోతుంది. కొంచెం అవతలికి జరిపి కడితే సమాధి తోట లోపలికి వస్తుంది. సువార్త వెళ్లి పాస్టరు గారిని అడిగింది. ఆయన కొత్తగా వచ్చిన మనిషి, మెత్తనివాడు. “పేపర్లో వచ్చింది తప్పని ఏదన్నా ఆధారం తీసుకురామ్మా. కమిటీలో నేను మాట్లాడతాను. తొందరగా తేవాలి, వచ్చే సోమవారం మేస్త్రి పునాది తీస్తాడు” అన్నారట.

మాకు తొమ్మిది రోజులున్నాయి. నేను ఆ వార్త రాసిన విలేఖరి కోసం వెతికాను. అప్పట్లో ఏలూరు పాత బస్టాండు దగ్గర పుస్తకాల కొట్టు నడుపుతూ, దాంతోపాటు పేపరుకు వార్తలు పంపిన ఆయన పేరు శేషగిరిరావు గారు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో వాళ్ల తమ్ముడి ఉల్లిపాయల కొట్టు మేడ మీద ఉంటున్నారని తెలిసింది. శనివారం మధ్యాహ్నం నేనూ సువార్తా వెళ్లాం. ఆయనకు ఎనభై దాటాయి. చెవులు పనిచేస్తున్నాయి, మతి బాగుంది. మమ్మల్ని కూర్చోబెట్టి, ఆ ఉదయమే వచ్చిన పేపర్లో ఒక అచ్చుతప్పు చూపించారు. ఆయన మతి బాగుందని ఎందుకు రాస్తున్నానో ముందుకు వెళ్తే తెలుస్తుంది.

కడుపునొప్పి వార్త ఒకటి అడగడానికి వచ్చామని చెప్పగానే నవ్వారు.

“మా పేపరు ప్రకారం ఈ జిల్లా జనానికి ఇంకో జబ్బే లేదండీ.”

కాఫీలు తెచ్చిన వాళ్లావిడ, “అందరికీ అంటగట్టారు కదండీ, ఇప్పుడు ఈయనకి మజ్జిగ ముద్ద కూడా అరగట్లేదు” అన్నారు.

“ఆవిడ మా అమ్మండీ” అంది సువార్త.

ఇద్దరూ నవ్వు ఆపేశారు. ఆయన పేరూ ఊరూ అడిగారు. చెప్పాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు.

“అది నాకు గుర్తుందండీ. ఎన్నో రాశాను, ఒక్కటీ గుర్తులేదు. అది ఉంది. మిగతావన్నీ స్టేషన్‌కి ఫోన్ చేసి కనుక్కున్నవే. దానికి మాత్రం ఇంటి మనిషి వచ్చి చెప్పారు.”

ఎవరని అడిగాను. పోయినావిడ అక్కో చెల్లెలో అనుకున్నానన్నారు.

ఆయన చెప్పింది ఇది. వార్తల కవరు అయిదు గంటల విజయవాడ బస్సు డ్రైవరు చేతికి ఇవ్వాలి. నాలుగు దాటాక ఒక ఆడమనిషి కొట్టులోకి వచ్చింది. పాతికేళ్లలోపు ఉంటుంది. ఏడవడం లేదు. కరుణమ్మ అనే ఆవిడ ఈ ఉదయం పోయిందని చెప్పి ఊరు, భర్త పేరు, వయసు, పది నెలల పాప ఉన్న సంగతి వరసగా చెప్పింది. ఆయన రాసుకున్నారు. అలవాటు చొప్పున శీర్షిక ముందే పెట్టేశారు. బల్ల అవతల నుంచి ఆమె అది చదివింది.

“కడుపునొప్పి అని రాయకండి అండీ. గడ్డిమోపు ఒక పక్కకి జారింది, దోనె ఒరిగిపోయింది. రేపు పాపకి తెలియాలి కదండీ” అందట.

ఆయన సరేనన్నారు. ఆమె వెళ్లాక స్టేషన్‌కి ఫోన్ చేస్తే ఆత్మహత్య అన్నారు.

“పోలీసు మాట ఒకటీ ఇంటివాళ్ల మాట ఒకటీ అయితే పోలీసు మాటే వేసేవాళ్లమండీ. బస్సుకి వేళయిపోయింది. శీర్షిక కొట్టెయ్యకుండానే కవర్లో పెట్టి ఇచ్చేశాను. అంతే” అన్నారు.

ఇంటి ఆడవాళ్లను నేను ఒక్కొక్కరినీ గుర్తు తెచ్చుకున్నాను. ఆ సమయానికి శవం ఏలూరు ఆసుపత్రిలో ఉంది. వెంట వచ్చినవాళ్లందరూ మగవాళ్లు. మా అమ్మ నా తమ్ముణ్ణి కని తొమ్మిదో రోజు. ఆ రోజంతా గది దాటలేదు, నేను పక్కనే ఉన్నాను. పిన్ని అత్తగారూ తోడికోడలూ ఊళ్లోనే పాపను పట్టుకుని కూర్చున్నారు. సువార్తను పెంచిన ఆ తోడికోడలే ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పింది. పైగా దోనె ఒరిగిందన్న మాట అప్పటికి ఎవరి నోటా లేదు.

మనిషి ఎలా ఉందని అడిగాను. మొహం గుర్తులేదన్నారు.

“చెయ్యి గుర్తుందండీ. కుడిచెయ్యి. మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చ. తోలు ముడతలు పడిపోయి ఉంది. నేను చూస్తున్నానని పమిట కప్పేసుకున్నారు.”

ఆ మచ్చ నా వల్ల అయింది. పోవడానికి ముందు వేసవిలో పిన్ని మా ఇంటికి వచ్చింది. ఆమె అన్నం వారుస్తుంటే నేను వెనక నుంచి పరిగెత్తుకొచ్చి తగిలాను. గంజి ఆమె చేతి మీద పడింది. తానే ఒలకబోసుకున్నానని అందరికీ చెప్పింది. ఆమె ఫొటో ఒక్కటే ఉంది, పెళ్లినాటిది. అందులో చెయ్యి నున్నగా ఉంటుంది. మచ్చ సంగతి నేను సువార్తకు ఎన్నడూ చెప్పలేదు.

నాకు భయం వెయ్యలేదు. ఏడుపూ రాలేదు. కింద కొట్టులో ఉల్లిపాయల బస్తాలు దించుతున్న చప్పుడు వింటూ కాఫీ తాగేశాను. అది వేడిగా ఉందో చల్లారిందో తెలియలేదు.

ఆయన ఒక కాగితం రాసిచ్చారు. విషయం తెలిసిన ఒక స్త్రీ ఆ సాయంత్రం వచ్చి ఇది పడవ ప్రమాదమని చెప్పిందని, అయినా తాను ఆత్మహత్య అని పంపానని, పొరపాటు తనదని. కింద సంతకం పెట్టారు.

బస్సు భీమడోలు దాటింది. సువార్త, “అక్కా, ఒకవేళ అమ్మ కావాలనే నీళ్లలోకి దిగి ఉంటే మాత్రం? గోడ అవతలే ఉంచేస్తారా?” అంది.

దేవుని వాక్యం చదువుకున్నదాన్ని. ఒక వచనం ఎత్తుకోబోయి ఆపేశాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“ఆ వచ్చినావిడ ఎవరక్కా?” అంది ఇంకాసేపటికి. తెలియదన్నాను.

మరుసటి రోజు ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. కాగితం చదివారు. ఒక పెద్దాయన, “ఎనభై ఏళ్ల ముసలాయన మాట పట్టుకుని గోడ వంకర తిప్పమంటారా ఏంటండీ?” అన్నారు. “నాలుగు లైన్ల పేపరు ముక్క పట్టుకునే కదండీ మనవాళ్లు ఆవిణ్ణి అవతల పెట్టింది?” అన్నారు పాస్టరు గారు.

ఆ పెద్దాయన నా వైపు తిరిగారు. “ఆ చెప్పినావిడ ఎవరమ్మా? మీ వాళ్లేనా?”

మందిరంలో నేను అబద్ధమాడను. “మా వాళ్లేనండీ.”

“ఇప్పుడున్నారా?”

“లేరండీ.”

“నమ్మదగిన మనిషేనా?”

“నమ్మదగిన మనిషేనండీ.”

మూడు జవాబులూ నిజమే. ఆ మూడూ అన్నాక నేను ఏం ఒప్పుకున్నానో నాకు తెలిసింది. వెనక బెంచీలో సువార్త నన్నే చూస్తోంది. నేను తల తిప్పలేదు.

గోడ సమాధికి అవతలగా కట్టారు. నెల తర్వాత పండుగ నాడు పాస్టరు గారు కరుణమ్మ పేరు చదివారు. సువార్త మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. నేను కృతజ్ఞతా ప్రార్థన చేయాల్సి వచ్చింది, చేశాను. మాటలు వాటంతట అవే వచ్చాయి. లోపల ఏమీ కదలలేదు.

కమిటీ కూర్చున్న రోజునే తీర్మానాల పుస్తకంలో ఇలా రాసుకున్నారు: ‘విషయం స్వయంగా తెలిసిన, నమ్మదగిన స్త్రీ చెప్పిన సాక్ష్యం ప్రకారం.’ స్త్రీ అన్న మాట తర్వాత పేరు కోసం కొంచెం చోటు వదిలారు. “కనుక్కుని మీరే నింపండమ్మా” అన్నారు పాస్టరు గారు. కింద సంతకం నాది.

తర్వాత రెండుసార్లు ఆ పుస్తకం నా చేతికి ఇచ్చారు, పెన్నుతో సహా. ఆ ఖాళీలో రాయడానికి నాకు ఒక్క పేరే తెలుసు. ఆ పేరు రాస్తే పిల్లలకు ఇన్నేళ్లూ నేను చెప్పినదాన్ని ఏం చేయాలో తెలియదు. వేరే పేరు రాస్తే అబద్ధమవుతుంది. రెండుసార్లూ పుస్తకం మూసి తిరిగి ఇచ్చేశాను. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.