ఖాళీ ఇంటి గంట

మా వదినకి ఇంట్లో మేం పెట్టిన పేరు ఇస్త్రీ వదిన. దుప్పటి మీద ముడత కనిపిస్తే ఆవిడకి కాలు నిలవదు. కోడ్‌లో కనిపిస్తే అన్నమే సహించదు. ఇంట్లో కూర్చునే జావాస్క్రిప్ట్‌లో ప్రోగ్రాములు రాస్తుంది. ఎవరో రాసిపారేసిన చిక్కుముళ్లు విప్పి రెండు వరుసల్లో సర్దేసి, "చూడవే, ఎంత ముద్దుగా ఉందో!" అని నన్ను పిలుస్తుంది. అందులో నాకు ఓనమాలు రావు. అయినా ఆడపడుచుని కదా, ఏదో ఒక వంక పెట్టకుండా కదలను.

మేముండే భవనంలో ప్రతి ఇంట్లో మంచం పక్కన ఒక సాయం గంట ఉంటుంది. నొక్కితే కింద వాచ్‌మన్ బల్ల మీది తెరపై ఆ ఇంటి నంబరు వెలుగుతుంది. ఆ ప్రోగ్రాం రాసినతను ఎప్పుడో పని మానేసి వెళ్లిపోయాడు. అంతస్తుకో 'అర్రే', అంటే గడులున్న పెట్టె లాంటి జాబితా, దాని లోపల వరండాకో అర్రే, దాని లోపల ఇళ్లు. ఒక్క పేరు మార్చాలన్నా పెట్టెలో పెట్టె తెరుచుకుంటూ పోవాలి. భవనం సంఘం వాళ్లు అడగడమే ఆలస్యం, వదిన ఆ పెట్టెలన్నీ విప్పి, ఇళ్లన్నిటినీ ఒకే వరుసలో పరిచి, వరసగా నంబర్లు తగిలించేసింది. అంత గందరగోళమూ ఒక్క లైనుకి వచ్చింది. ఆ రోజు ఆవిడని పట్టడం మా వల్ల కాలేదు.

ఆ సంబరం నాలుగో అంతస్తులో ఉన్న పిన్నికి కూడా చెప్పొచ్చింది. తల్లి పోయాక వదినని పెంచింది ఈ పిన్నే. గుండె జబ్బు మనిషి, ఒంటరిగా ఉంటుంది. మాతో వచ్చి ఉండమంటే వినదు. "పనిలో ఉన్నదానికి ఫోన్ చేసి విసిగిస్తానా? గంట ఉందిగా," అంటుంది.

కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం వాచ్‌మన్ మా గుమ్మంలో నిలబడి నీళ్లు నమిలాడు.

"నవ్వకండమ్మా. నాలుగో అంతస్తులో ఖాళీ ఇల్లు లేదూ... నిన్న అక్కణ్ణించి గంట మోగింది."

"తాళం వేసిన ఇంట్లోంచా?" అన్నాను.

"వెళ్లి తలుపు కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. తాళం మీద దుమ్ము కూడా చెదరలేదు. కిందికొచ్చి కూర్చున్నానో లేదో మళ్లీ మోగింది. సాయంత్రం దాకా ఇదే వరస. ఇవాళ మోగలేదు కాబట్టే కాస్త ధైర్యం వచ్చి చెబుతున్నా."

నేను వదిన పక్కకి జరిగాను. ఆ ఇంటికి కరెంటు కూడా తీసేశారు. వదిన మాత్రం, "దెయ్యాలకి కూడా కనెక్షన్ ఇచ్చానేమిటే!" అని నవ్వుతూ లాప్‌టాప్ తెరిచింది. కాసేపటికి ఆ నవ్వు ముఖం మీదే గడ్డకట్టింది.

పాత ప్రోగ్రామర్ ఖాళీ ఇంటి చోట ఏమీ పెట్టకుండా ఉత్త గడి వదిలాడట. వదిన వాడిన పద్ధతి అలాంటి గడులని లెక్కలోకి తీసుకోకుండా దాటేస్తుందట. అలా ఖాళీ ఇల్లు వరుసలోంచి జారిపోయింది. దాని పక్కిల్లు ముందుకు జరిగి ఆ నంబరులో కూర్చుంది. ఆ పక్కిల్లు పిన్నిది.

"పద వదినా, పైకి!" అన్నాను.

"ఒక్క నిమిషం ఆగవే. ముందు ఇది సరిచేస్తే, ఇప్పుడు నొక్కినా సరిగ్గా పడుతుంది." గబగబా టైపు చేసింది. సరిచేసి, తెర వంక చూసి, "ఏమీ మోగట్లేదు. బాగానే ఉన్నట్టుంది," అని ఊపిరి పీల్చుకుంది. ఆ నిమిషం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మనిషిని వదిలి తెరని చూసే బుద్ధి ఈ పని చేసేవాళ్లకే పుడుతుంది.

మా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాం. పిన్ని మంచం పక్కన నేల మీద పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. తీగకున్న గంట మీట ఆమె చేతికి జానెడు దూరంలో వేలాడుతోంది. నేను అంబులెన్సుకి ఫోన్ చేస్తుంటే వదిన కూలబడి, ఆమె తలని ఒళ్లోకి తీసుకుంది.

"ఎందుకు నొక్కలేదు పిన్నీ?"

"నొక్కితే పక్కింటి తలుపు కొడుతున్నారే," అంది పిన్ని, మాట కూడదీసుకుంటూ. "నిన్నంతా అంతే. నేను లేచి వెళ్లేలోపు వెళ్లిపోతున్నారు. ఎవరూ లేని ఇంటికి వస్తారు గానీ నా దగ్గరికి రారు. భయమేసింది. ఇంక నొక్కాలనిపించలేదు."

వదిన ఏడుస్తూ ఏదో చెప్పబోయింది. పిన్ని ఆమె ముఖాన్ని చేత్తో తడిమి చూసింది.

"నేనున్నది ఈ ఇంట్లోనేనా అమ్మాయ్? పక్కింట్లో కాదుగా?"